పైథాన్‌లో రౌండ్ చేస్తే పైసా తేడా వస్తోంది, బిల్లు టాలీ అవ్వట్లేదు

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మా ఊరాయన మెస్ నడుపుతున్నారు, ఆయనకి బిల్లింగ్ కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చా. జీఎస్టీ 5 శాతం, సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 విడివిడిగా చూపించాలి. 107 రూపాయల బిల్లుకి 2.5తో గుణించి 100తో భాగిస్తే 2.675, రౌండ్ చేస్తే 2.68 రావాలి కదా, 2.67 వస్తోంది. 105కేమో 2.63 బదులు 2.62. ఆయన ప్రతి బిల్లూ క్యాలిక్యులేటర్‌తో సరిచూస్తారు, నిన్న రాత్రి నుంచి ఒకటే ఫోన్లు. రౌండ్ ఫంక్షన్‌లో బగ్ ఉందా? ఇంకోటి, 120కి టాక్స్ 3.0 అని ప్రింట్ అవుతోంది, 3.00 కావాలి.

రిప్లై 1
బగ్ కాదు బ్రో. రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి గానీ కారణాలు వేరు. 2.675ని బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1 లెక్కలో, కచ్చితంగా దాచడం కుదరదు, లోపల ఉండేది 2.67499999999999982 చిల్లర, సగానికి ఒక్క పిసరు తక్కువ, అందుకే కిందికి పోయింది. 2.625 అలా కాదు, అది 2 + 5/8 కాబట్టి బైనరీలో సరిగ్గా సరిపోతుంది, అక్కడ నిజంగానే సగం. సరిగ్గా సగం వస్తే పైథాన్ 3 సరి సంఖ్య వైపు పోతుంది, బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు, 2.5ని రౌండ్ చేసి చూడు, 2 వస్తుంది, 3.5కి 4. మనం బళ్ళో నేర్చుకుంది 5 వస్తే పైకి అని కదా, మెస్ ఆయన లెక్కా అదే. పైథాన్‌లోనే ఉండే డెసిమల్ మాడ్యూల్ వాడు, అది దశాంశాలని మనలాగే లెక్కిస్తుంది. నంబర్లు కోట్స్‌లో స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల్లా ఇవ్వు, ఫ్లోట్ (ఇప్పుడు వాడుతున్న మామూలు బైనరీ దశాంశం) ఇచ్చావంటే ఆ తప్పు కూడా లోపలికొస్తుంది. అందులో రౌండ్ చేసేది క్వాంటైజ్, దాన్లో రౌండ్ హాఫ్ అప్ (సగం వస్తే పైకి) అని కచ్చితంగా రాయి, రాయకపోతే మళ్ళీ బ్యాంకర్సే.

రిప్లై 2
ఒక చిత్రం, భాగించకుండా 107ని నేరుగా 0.025తో గుణిస్తే 2.68 వస్తోంది, ఇప్పుడే చూశా. అది చూసి సరైపోయిందనుకోకు, ఇంకో రేటు దగ్గర దెబ్బ తింటావ్.

రిప్లై 3
3.00 కోసం ఫార్మాట్‌లో పాయింట్ టూ ఎఫ్ (.2f, పాయింట్ తర్వాత రెండంకెలు చూపించమని) పెట్టు తమ్ముడూ. కానీ అది కనిపించే తీరునే మారుస్తుంది, లోపలి విలువని కాదు. ముందు రౌండ్ చేసి వేరియబుల్‌లో పెట్టుకో, దాన్నే ప్రింట్ చెయ్యి, దాన్నే టోటల్‌లో కలుపు. లేదంటే బిల్లు మీద 2.68 రెండుసార్లు ఉంటుంది, టోటల్లో మాత్రం 5.36 బదులు 5.35 కలుస్తుంది, ఆయన మళ్ళీ ఫోన్ చేస్తారు.

అడిగినవాడినే
డెసిమల్‌కి మార్చా, 107కి 2.68, 105కి 2.63 వచ్చాయి. థాంక్స్ అన్నా, థాంక్స్ బ్రో. పొద్దున టిఫిన్లు మొదలవ్వకముందే వెళ్ళి పెట్టేసొస్తా.