బోనస్ షరతులు చదవనివాడిదే తప్పా? వారానికి 500 పౌండ్ల పరిమితి గురించి

గోదావరిగట్టు (రాజమండ్రి)
శనివారం, ఉదయం 7:40

లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి సంగతి ఇది. పోయిన నెల ఒక ఆన్‌లైన్ క్యాసినోలో 200 పౌండ్లు కట్టాడు, వాళ్లు ఇంకో 200 బోనస్ ఇచ్చారు. 35 రెట్లు పందెం కాయాలన్న షరతు పూర్తి చేశాడు. చివరికి ఖాతాలో 6,400 పౌండ్లు తేలాయి. తీసుకోబోతే వారానికి 500 మాత్రమే ఇస్తామన్నారు. అంటే మొత్తం చేతికి రావడానికి 13 వారాలు. 200 కట్టించుకోవడానికి వాళ్లకు అర నిమిషం పట్టింది. లోపలికి వెళ్లే డబ్బుకు లేని పరిమితి బయటికి వచ్చే డబ్బుకు ఎందుకు? నేను అడుగుతున్నది ఇదొక్కటే. జూదం మంచిదా చెడ్డదా అన్న ఉపన్యాసాలు దయచేసి వద్దు, అవి ఇంట్లో చాలా అయ్యాయి.

లెక్కలపుస్తకం (రెడింగ్)
ఉదయం 9:15

గట్టు గారూ, ఒక్క ప్రశ్న. వారానికి 500 అన్న మాట షరతుల్లో ఉందా, లేదా? ఉంటే అది మోసం కాదు, ఒప్పందం.

బోనస్ అంటే ఊరికే చేతిలో పెట్టే డబ్బు కాదు. 200 బోనస్‌కు 35 రెట్లంటే 7,000 పౌండ్ల పందేలు కాయాలి. స్లాట్ ఆటలో 96 శాతం తిరిగి వస్తుందనుకుందాం. ప్రతి 100 పౌండ్ల పందేనికి సగటున 4 పౌండ్లు పోతాయి. 7,000 మీద 280. ఇచ్చింది 200, సగటున తిరిగి లాక్కునేది 280. రూలెట్ ఆడి గట్టెక్కుదామంటే ఆ పందేల్లో 10 శాతమే లెక్కలోకి తీసుకునే సైట్లు ఉన్నాయి, అప్పుడు ఆ 7,000 కాస్తా 70,000 అవుతుంది. బోనస్ నడుస్తున్నప్పుడు ఒక్క పందెం 5 పౌండ్లు దాటినా గెలుపంతా రద్దు అని రాసుకునేవాళ్లు ఉన్నారు. డబ్బు కట్టకుండా వచ్చే బోనస్ అయితే ఎంత గెలిచినా సాధారణంగా 50, 100 పౌండ్లకు మించి ఇవ్వరు. ఇవన్నీ రాసే ఉంటాయి. చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కితే ఆ తర్వాత ఎవరేం చేయగలరు?

కృష్ణాతీరం (మాంచెస్టర్)
ఉదయం 9:50

35 రెట్లు బోనస్ మీద మాత్రమే అని ఎలా అనుకున్నారు? చాలా సైట్లలో కట్టిన డబ్బు, బోనస్ రెండూ కలిపి లెక్కిస్తారు. 400కు 35 రెట్లు, 14,000. అందులో 4 శాతం 560. మీ లెక్క సగమే.

లెక్కలపుస్తకం
ఉదయం 10:05

‘బోనస్‌కు 35 రెట్లు’ అని రాసి ఉంటే బోనస్ మీదే. రెండూ కలిపితే అలా కలిపినట్టు రాస్తారు. అందుకే చదవమంటున్నాను.

కృష్ణాతీరం
ఉదయం 10:20

పైన పెద్ద అక్షరాల్లో ‘35 రెట్లు’ అని మాత్రమే ఉంటుంది. దేనికి 35 రెట్లు అన్నది ఎక్కడో పద్నాలుగో అంశంలో ఉంటుంది. నేను రెండుసార్లు అలాగే దెబ్బతిన్నాను. రెండుసార్లూ చదివే కట్టాను.

వరంగల్_రవి
ఉదయం 11:02

హైదరాబాద్ నుంచి ఆడితే ఇవే షరతులా?

శాంతి (బర్మింగ్‌హామ్)
ఉదయం 11:30

రవి గారూ, హైదరాబాద్ నుంచి ఆడకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టంలో శిక్షలు నడిపేవాళ్లకు, ప్రకటనలు ఇచ్చేవాళ్లకు, డబ్బు చేరవేసేవాళ్లకే కానీ ఆడేవాళ్లకు కాదు. అయినా విదేశీ సైటులో మీ డబ్బు ఇరుక్కుంటే ఏ ఠాణాకు వెళ్లి ఏమని చెబుతారు?

గట్టు గారూ, మీ మాటలో ఒకటి నాకు కొరుకుడు పడటం లేదు. బ్రిటన్ లైసెన్సు ఉన్న ఏ సంస్థా 2026 జనవరి 19 నుంచి బోనస్‌కు 10 రెట్లకు మించి పందెం అడగకూడదు. ఇక్కడ జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ నియమం అది. పోయిన నెల 35 రెట్లు అడిగారంటే అది ఇక్కడి లైసెన్సు ఉన్న సైటు కాదు. అవునా?

గోదావరిగట్టు
మధ్యాహ్నం 12:10

కురాసావ్ అనే కరీబియన్ దీవి లైసెన్సు అని అడుగున రాసి ఉంది. దానికీ నా ప్రశ్నకూ సంబంధం లేదు. వారానికి 500 న్యాయమా కాదా అన్నదే నా ప్రశ్న.

లెక్కలపుస్తకం
మధ్యాహ్నం 12:25

సంబంధం లేకపోవడమేమిటి? మొత్తం విషయం అక్కడే ఉంది.

బ్రిటన్ లైసెన్సు ఉన్న చోట 10 రెట్లే, 200 బోనస్‌కు 2,000 పందెం, సగటు నష్టం 80. మీరు కట్టిన సొంత డబ్బును బోనస్ షరతులతో కట్టిపడేయడం 2018లో వినియోగదారుల హక్కులు చూసే బ్రిటన్ పోటీ, మార్కెట్ల సంస్థ పట్టుపట్టాక పెద్ద సంస్థలు మానుకున్నాయి. గుర్తింపు పత్రాలు ఆడకముందే సరిచూడాలి. ముందే అడగగలిగిన పత్రాన్ని గెలిచాక అడిగి డబ్బు ఆపకూడదు. విత్‌డ్రా అడిగాక దాన్ని రద్దు చేసి మళ్లీ ఆడే వీలు 2021 అక్టోబర్ 31 నుంచి ఉండకూడదు. ఫిర్యాదు ఎనిమిది వారాల్లో తేలకపోతే ఐబాస్ లాంటి మధ్యవర్తి దగ్గరికి ఉచితంగా వెళ్లవచ్చు. ఇన్ని రక్షణలు వదులుకుని కురాసావ్ సైటుకు వెళ్లి, న్యాయమా అని అడిగితే నేనేం చెప్పను?

కృష్ణాతీరం
మధ్యాహ్నం 12:40

చదివి నొక్కితే ఒప్పందమే అంటున్నారు. బెట్‌ఫ్రెడ్ అనే పందేల సంస్థ కేసు గుర్తులేదా? 2018లో ఒక ఆటగాడు బ్లాక్‌జాక్‌లో 17 లక్షల పౌండ్లకు పైగా గెలిస్తే, ఆటలో సాంకేతిక లోపం ఉందని, లోపముంటే ఇవ్వనక్కర్లేదని షరతుల్లో ఉందని ఆపేశారు. 2021లో ఇక్కడి హైకోర్టు ఆ షరతులు చెల్లవని, డబ్బు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆయనా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కినవాడే.

లెక్కలపుస్తకం
మధ్యాహ్నం 12:55

2024 తీర్పు కూడా చెప్పండి. జాతీయ లాటరీ ఆన్‌లైన్ ఆటలో తెరమీద 10 లక్షల పౌండ్ల బహుమతికి సరిపోయే అంకెలు కనిపించాయి, దాన్ని నడిపిన కామెలాట్ సంస్థ మాత్రం 10 పౌండ్లే అంది. అప్పీలు కోర్టు కామెలాట్ వైపే తీర్పు ఇచ్చింది. నొక్కినప్పుడే షరతులు ఒప్పందంలో భాగమయ్యాయని చెప్పింది. కాబట్టి చదవాలి. అదే నేను పొద్దుటి నుంచి చెబుతున్నది.

గోదావరిగట్టు
మధ్యాహ్నం 1:30

పొద్దుటి నుంచి ఓర్చుకున్నాను. చదవాలి, చదవాలి, చదవాలి. మా తమ్ముడు చదవలేదని మీకు ఎవరు చెప్పారు?

వాడు ఎం.ఎస్సీ. గణాంకశాస్త్రం. ఆ షరతులన్నీ కాగితం మీద అచ్చు తీసుకుని ఎర్ర సిరాతో గీతలు గీసుకున్నాడు. కంప్యూటర్‌లో పట్టిక వేసుకున్నాడు. తేదీ, ఆట పేరు, పందెం, మిగిలిన పందెం. 7,000 నుంచి సున్నా దాకా ఒక్కొక్క గడీ తగ్గుతూ వస్తుంది. ఒక్క పందెమూ 5 పౌండ్లు దాటలేదు, ఎక్కువగా 2 పౌండ్లే. ఆ పట్టిక నాకు పంపించాడు, మూడు వేలకు పైగా వరుసలు. కృష్ణాతీరం గారూ, వాడి విషయంలో 35 రెట్లు బోనస్ మీదే, అదీ ముందే సరిచూసుకున్నాడు. వారానికి 500 అన్నదీ తెలుసు. 13 వారాలు ఆగుతానులే అన్నయ్యా అన్నాడు.

మొదటి వారం 500 వచ్చింది. రెండో వారం 500 వచ్చింది. మూడో వారం అడిగిన 500 ఐదు రోజులు ‘పెండింగ్’ అని చూపించింది. దాని పక్కనే ‘రద్దు చేయి’ అని ఆకుపచ్చ బటన్. మిగిలిన 4,900 ఖాతాలోనే, ఆడుకోవడానికి సిద్ధంగా. రోజుకు మూడు సందేశాలు, మీ కోసం ప్రత్యేక బోనస్ అని. ఐదో రాత్రి రెండు గంటలకు ఆ బటన్ నొక్కాడు. తెల్లారేసరికి 500 మిగిలాయి.

ఇప్పుడు చెప్పండి. వాడు ఏ అంశం చదవలేదు?

లెక్కలపుస్తకం
మధ్యాహ్నం 1:50

మనసుకు కష్టంగా ఉంది. కానీ బటన్ నొక్కింది ఆయనే కదా గట్టు గారూ. 5,400 ఆయన డబ్బు. ఆగి ఉంటే వచ్చేది.

గోదావరిగట్టు
మధ్యాహ్నం 1:58

ఆ బటన్ అక్కడ పెట్టింది ఎవరు? ఐదు రోజులు ఆపింది ఎవరు? 500 పంపడానికి ఐదు రోజులు ఎందుకు పట్టాలి? ఆ ఐదు రోజులే వాళ్ల వ్యాపారం. వారం పరిమితి అంటే డబ్బు నెమ్మదిగా ఇవ్వడం కాదు, మిగిలిన డబ్బును వాడి కళ్ల ముందు వేలాడదీయడం. ఇది ఒప్పందం అంటారా?

శాంతి
మధ్యాహ్నం 2:20

గట్టు గారూ, నొప్పించే ప్రశ్నే, అయినా అడగాలి. ఇన్ని లెక్కలు తెలిసినవారు ఇక్కడి లైసెన్సు ఉన్న సైటు వదిలి అక్కడికి ఎందుకు వెళ్లారు? జూదం సైట్లు తనను రానివ్వకుండా మనిషి తనంతట తానే పేరు ఇచ్చుకునే గామ్‌స్టాప్‌లో నమోదు చేసుకుని ఉన్నారా?

గోదావరిగట్టు
మధ్యాహ్నం 3:45

అవును.

రాయకూడదనుకున్నాను. పోయిన ఏడాది ఇక్కడి సైట్లలో చాలా పోగొట్టుకుని, తనంతట తానే గామ్‌స్టాప్‌లో ఐదేళ్లకు నమోదు చేసుకున్నాడు. బ్రిటన్ లైసెన్సు ఉన్న సైట్లన్నీ మూసుకుపోయాయి. అందులో లేని సైట్లంటూ ప్రత్యేకంగా జాబితాలే ఉన్నాయట, వెతికితే మొదట అవే వస్తాయట. అక్కడికి వెళ్లాడు. ఈసారి ఆడటం లేదన్నయ్యా, లెక్క వేసి బోనస్ తీసుకుని బయటికి వస్తానన్నాడు. పట్టిక చూసి నేను నమ్మాను. ఆ 200 పంపించింది నేనే.

లెక్కలపుస్తకం గారూ, మీ మీద కోపం ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఆ పట్టిక వేయడం వాడు ఎక్కడ నేర్చుకున్నాడనుకున్నారు? ఇలాంటి చర్చల్లోనే. ఇన్ని రెట్లయితే నష్టం, ఇన్ని రెట్లయితే లాభం అని మీరు పొద్దున రాసినట్టే రాసినవాళ్ల దగ్గర. షరతులు అర్థమైతే గెలవవచ్చని వాడికి అనిపించింది. చదవనివాడు 50 పోగొట్టుకుని మానేస్తాడేమో. చదివినవాడే లోపలికి నడిచాడు.

లెక్కలపుస్తకం
సాయంత్రం 4:40

ఇది నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోలేనో చెప్పాలి.

2016లో నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో మూడు నెలల్లో 2,300 పౌండ్లు పోగొట్టుకున్నాను. అద్దె కట్టలేక స్నేహితుడి గదిలో నేలమీద పడుకున్నాను. నాకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక పెద్దాయన కాగితం మీద ఈ 4 శాతం లెక్క వేసి చూపించారు. వాళ్లు ఇచ్చేది 200, తీసుకునేది 280 అని ఆ రోజే నా కళ్లతో చూశాను. ఆ తర్వాత మళ్లీ ఆడలేదు. నన్ను బయటపడేసింది ఆ లెక్కే. అందుకే ఎవరు అడిగినా అదే చెబుతున్నాను. దాన్ని మీరు ఎర అంటుంటే నేను భరించలేను.

గోదావరిగట్టు
సాయంత్రం 5:05

మీకు ఆ లెక్క ‘ఇది పోయే డబ్బు’ అని చెప్పింది. మా వాడికి అదే లెక్క ‘10 రెట్లయితే 120 మిగులుతుంది, 35 రెట్లయినా అదృష్టం కలిస్తే బయటపడవచ్చు’ అని చెప్పింది. అంకెలు అవే. మీరు రాసేటప్పుడు చదువుతున్నది మీలాంటివాడో, వాడిలాంటివాడో మీకు ఎలా తెలుస్తుంది?

కృష్ణాతీరం
సాయంత్రం 5:20

సగటు 4 శాతం అన్నది లక్షల పందేల మీద. మూడు వేల పందేల్లో ఎటైనా పోవచ్చు. ఆ మాట ఎవరూ రాయరు, మొదట రాయాల్సింది అదే.

లెక్కలపుస్తకం
సాయంత్రం 5:50

తెలియదు. మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు గట్టు గారూ. కానీ చెప్పకుండా ఉండటం సరైనదని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు. పొద్దున ‘ఎవరేం చేయగలరు’ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

శాంతి
సాయంత్రం 6:15

ఇద్దరూ తర్వాత వాదించుకోవచ్చు. ముందు ఆ 500 సంగతి. గామ్‌స్టాప్ కురాసావ్ సైట్లను ఆపలేదు, బ్యాంకు మాత్రం చాలావరకు ఆపగలదు. ఇక్కడి పెద్ద బ్యాంకుల యాప్‌లలో జూదం చెల్లింపులు ఆపే మీట ఉంటుంది. ఒకసారి వేస్తే వెంటనే తీయడం కుదరదు, చాలా బ్యాంకుల్లో రెండు రోజులో అంతకన్నా ఎక్కువో ఆగాలి. ఆ ఆగడమే మనకు కావాలి. క్రిప్టో, ఈ-వాలెట్ దారులు మిగిలిపోతాయి, వాటి సంగతి నేరుగా అడగండి. జూదంతో ఇబ్బంది పడేవాళ్లకు సాయం చేసే గామ్‌కేర్ వాళ్లు ఫోన్‌లో ఉచితంగా మాట్లాడతారు, అవసరమైతే దుబాసీని కూడా పెడతారు. ఈ రాత్రి తమ్ముడు ఒంటరిగా ఉండకుండా చూడండి. లెస్టర్‌లో మాకు తెలిసిన కుటుంబం ఉంది, కావాలంటే విడిగా రాయండి.

గోదావరిగట్టు
రాత్రి 10:30

శాంతి గారూ, విడిగా రాశాను. మీవాళ్లు వెళ్లి అన్నం పెట్టి ఇంటికి తీసుకెళ్లారట.

బ్యాంకులో మీట వేయించాను, వీడియోలో చూపించాడు. క్యాసినో ఖాతా పాస్‌వర్డ్ నాకు ఇచ్చాడు, నేను మార్చేశాను. ఆ 500 విత్‌డ్రా అడిగి ఇది రెండో రోజు. పెండింగ్ అనే ఉంది. ఆకుపచ్చ బటన్ ఇప్పుడు నా ఫోన్‌లో కనిపిస్తోంది. లెక్కలపుస్తకం గారూ, ఐదో రోజు మంగళవారం అవుతుంది. అంతవరకూ మీరు ఇక్కడ ఉంటారా?

లెక్కలపుస్తకం
రాత్రి 10:34

ఉంటాను.