ధాన్యం గోదాంలో ఏళ్ల తరబడి ఉండిపోయిన 1973 ఫియట్, నిండా ఎలుకలు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

డెల్టా అమ్మాయి:

నమస్కారం అండీ. మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్నగారి ఫియట్ మా ధాన్యం గోదాంలో ఉంది. ఆర్‌సీలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అని ఉంది, మొదటి రిజిస్ట్రేషన్ 1973. చూపు తగ్గి తోలడం మానేశాక ఆయనే అద్దాలెత్తి, మీద పట్టా కప్పి లోపల పెట్టారు. ఆయన పోయాక ఎవరం దాని జోలికి వెళ్లలేదు. పక్కనే వడ్ల బస్తాలు, పైన కప్పు. ఎలుకలకి ఇంకేం కావాలి.

మొన్న పట్టా తీశాం. వెనక సీటు మధ్యలో పిడికిలి పట్టేంత కన్నం. లోపలి కొబ్బరి పీచంతా లాగి గూళ్లు కట్టాయి. రూఫ్ లైనింగు ఒక మూల ఉబ్బి కిందికి జారింది. కర్రతో తాకితే లోపల పొట్టు గరగరమంటోంది. బోనెట్ ఎత్తితే బ్యాటరీ పక్క వైర్లకి తోలు లేదు, రాగి కనపడుతోంది. తలుపు తీస్తే ఆ ఘాటుకి కళ్లు మండుతున్నాయి. స్టీరింగు దగ్గర గేరు రాడ్డు మాత్రం ఇప్పటికీ కదులుతోంది.

ఊళ్లో మెకానిక్కు కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడదాం, ఇంజను తిరిగితే మిగతాది తర్వాత చూద్దాం అంటున్నాడు. ఇంకొకాయన దీని ఇంజను తీసేసి మారుతి ఇంజను వేస్తే సుఖమంటున్నాడు. తమ్ముడు తుక్కుకి ఇచ్చెయ్యమంటున్నాడు. నాకు ఇవ్వాలని లేదు. అమ్మని ఇందులో ఒక్కసారైనా మంగళగిరి తీసుకెళ్లాలని ఉంది. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

ఏలూరు ల్యాబ్:

బండి గురించి నాకు తెలియదండీ. ల్యాబులో పని చేస్తాను కాబట్టి మనుషుల గురించి చెబుతాను. ఎలుక మూత్రంలో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఎలుక జ్వరం దానివల్లే. చేతిమీద చిన్న గీత ఉన్నా, కంట్లో నోట్లో తుంపర పడినా లోపలికి పోతుంది. అందుకని చీపురు, వ్యాక్యూమ్ క్లీనర్ రెండూ వద్దు. ఎండిన పెంటికల ధూళి గాల్లోకి లేపకూడదు.

తలుపులు, డిక్కీ అన్నీ తీసిపెట్టి కనీసం అరగంట దూరంగా ఉండండి. తర్వాత రబ్బరు గ్లౌజులు, బూట్లు, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు. ఒక పాలు బ్లీచ్ ద్రవానికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి గూళ్లు, పెంటికలు బాగా తడిసేలా కొట్టి, 5 నిమిషాలు ఆగి, కాగితాలతో ఎత్తి రెండు సంచుల్లో మూటకట్టండి. ఈ పని గోదాంలో చెయ్యకండి, బయట గాలి ఆడేచోట చెయ్యండి. బ్లీచ్‌కి మూత్రంలోని అమ్మోనియా తగిలితే ఊపిరితిత్తులకి చెరుపు చేసే వాయువు పుడుతుంది. టాయిలెట్ యాసిడ్ కలిపితే క్లోరిన్ వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

నెల రోజుల్లోపు ఎవరికైనా జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబడటం కనిపిస్తే డాక్టరుకి ఎలుకల పని చేశామని మీరే ముందు చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.

ఆటోనగర్ బాబాయి:

అమ్మా, నేను బెజవాడ ఆటోనగర్లో ఆటో ఎలక్ట్రికల్ పనిలోనే ముసలివాణ్ణయ్యాను. చేసినవి ఎక్కువ ఫియట్లు, అంబాసిడర్లే. ముందుగా ఒక్క మాట. ఆ మెకానిక్కుని కొత్త బ్యాటరీ పెట్టనివ్వకండి. ఉన్న బ్యాటరీ కేబుళ్లు కూడా రెండూ విప్పి పక్కన పడేయండి. ఎలుకలు తిరిగిన బండి స్టార్టవుతుందా లేదా అన్నది అన్నిటికన్నా చివర చూసుకోవాల్సింది.

ఎందుకంటే, బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి పోయే లావు కేబులుకి ఫ్యూజు ఉండదు. లోపలికి వచ్చే మెయిన్ వైరుకి కూడా ఫ్యూజు బాక్సు చేరేదాకా ఏ కాపలా లేదు. ఆ దారిలో ఎక్కడ రాగి బాడీకి తగిలినా బ్యాటరీలో ఉన్న కరెంటంతా అక్కడే కుమ్మరించుకుంటుంది, వైరు ఎర్రగా కాలుతుంది. పక్కనే ఎండు పీచు, పొట్టు, కాగితం ముక్కలు. ఎలుక గూడంటే అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తున్న కుంపటి. కిరాయి షెడ్లో ఇలాగే సెల్ఫ్ కొట్టి చూద్దామని మొదలెట్టిన ఒక అంబాసిడర్ డాష్‌బోర్డు దాకా కాలిపోయాక నా దగ్గరికి వచ్చింది. దాన్ని బాగు చెయ్యడానికి నాకు ఏమీ మిగల్లేదు.

ఎలుక ఆకలేసి వైరు కొరకదు. దాని ముందు పళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోక తప్పదు. కనుక మీకు బోనెట్ కింద కనపడింది కొంతే. డాష్‌బోర్డు వెనక, డిక్కీలోకి పోయే కట్టలో, ఫెండరు సందుల్లో అసలుది ఉంటుంది. కొరుకుడు కన్నా చెడ్డది మూత్రం. తోలు తెగినచోట ఆ ఉప్పు తడి రాగి పోగుల మధ్యనుంచి లోపలికి పాకుతుంది. పైకి వైరు బాగానే ఉంటుంది. చాకుతో తోలు గీరి చూడండి, జానెడు దూరం దాకా పచ్చగా కిలుం పట్టి ఉంటుంది. దానిమీద సోల్డరు అంటదు. అతుకేస్తే ఆ అతుకు దగ్గర వేడెక్కుతుంది. అందుకే టేపు చుట్టి సర్దేస్తానన్నవాడికి ఇవ్వకండి, వైరింగు మొత్తం కొత్తది వేయించండి. డబ్బు తక్కువైతే పెయింటు ఆపండి, సీట్లు ఆపండి. ఇది మాత్రం ఆపొద్దు.

పాత వైరింగు పారెయ్యొద్దమ్మా. ఈ కాలం కుర్రాళ్లకి ఫియట్ వైరింగు డయాగ్రం చూసే అలవాటు లేదు, మీ పాత కట్టే వాళ్లకి పటం. విప్పే ముందు ప్రతి కనెక్షనూ ఫొటో తీసి, ప్రతి కొసకీ చీటీ కట్టండి: కుడి హెడ్‌లైటు, హారన్, డైనమో (బ్యాటరీని ఛార్జి చేసేది), రెగ్యులేటరు (ఆ ఛార్జిని అదుపు చేసేది). ప్లైవుడ్ చెక్కమీద పాతదాన్ని బండిలో ఉన్న ఒంపులతోనే పరిచి మేకులు కొట్టి, దాని పక్కనే కొత్తది అల్లుకు రావాలి. ఇళ్లకి వాడే వైరు కాదు, సన్న పోగులుండే ఆటోమొబైల్ వైరే తేవాలి. హెడ్‌లైట్లకి 2.5 చదరపు మిల్లీమీటర్లు, పార్కింగు, ఇండికేటర్లకి 1 చాలు. రేకులోంచి వైరు దూరే ప్రతి కన్నానికీ కొత్త రబ్బరు గ్రోమెట్, అంటే వైరు కోసుకోకుండా కాసే రింగు, వెయ్యాలి. ఎర్త్ పట్టీలు, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే పట్టీలు, విప్పి, అవి కూర్చునే చోట తుప్పు మెరిసేదాకా గీకాలి. ఫియట్‌లో లైట్లు మిణుకుమంటే సగం సార్లు తప్పు ఎర్త్‌ది.

అంతా అయ్యాక కూడా బ్యాటరీ నేరుగా తగిలించరు. బ్యాటరీకీ కేబులుకీ మధ్య ఒక 12 వోల్టుల 21 వాట్ల బల్బు వరసలో పెట్టి, స్విచ్చులన్నీ ఆపి చూడాలి. బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్టు. ఎంత షార్టున్నా ఆ బల్బు 2 ఆంపియర్లు కూడా దాటనివ్వదు, ఏదీ కాలదు. వెలక్కపోతే అప్పుడు ఒక్కో స్విచ్చే వేస్తూ చూసుకోవడం. నా దగ్గర పని నేర్చిన ప్రతి కుర్రాడికీ మొదట చేతికిచ్చింది ఈ బల్బే.

డెల్టా అమ్మాయి:

బాబాయి గారూ, చాలా ఉపకారం చేశారు. కేబుళ్లు ఇవాళే విప్పించేస్తాను. వైరింగు కన్నా ముందు లోపల శుభ్రం చెయ్యాలి కదా, ఎంతవరకు విప్పాలి? సీట్లు తీస్తే చాలా? ఇంజను పట్టేసి ఉంటే దాన్ని ఎలా కదపాలి?

ఆటోనగర్ బాబాయి:

సీట్లు తీస్తే చాలదు. చెబుతాను.

బండి ముట్టుకునే ముందు పట్టపగలు, పొడుగు కర్రతో. ఎలుకలున్నచోటికి జెర్రిపోతూ వస్తుంది, నాగుపామూ వస్తుంది. బోనెట్ మీద, డిక్కీ మీద తట్టి, అన్నీ తెరిచి కాసేపు వదిలెయ్యండి. సీటు కింద చెయ్యి దూర్చొద్దు. తర్వాత బయటికి తోయించండి. చక్రాలు పట్టేసి ఉంటే లాగొద్దు, జాకీ ఎత్తి డ్రమ్ములు విప్పాలి.

సీట్లు, మ్యాట్లు, కింద పరిచిన ఫెల్టు, తలుపుల అట్టలు, డిక్కీ అట్టలు, అన్నీ ఊడదీయాలి. గుడ్డ, పీచు, స్పాంజి, అట్ట, వీటిలో మూత్రం పీల్చినదేదీ బాగుపడదు. సెంటు కొట్టినా ఎండబెట్టినా మొదటి వానకి మళ్లీ కొడుతుంది. అవి తగలెయ్యాల్సిందే. సీటు స్ప్రింగులు, ఫ్రేము మాత్రం దాచండి, అవి కడిగి రంగేస్తే మళ్లీ పనికొస్తాయి. రూఫ్ లైనింగు కోసేముందు కింద పట్టా పరిచి తడపండి, లేకపోతే గూడంతా మీ నెత్తిన పడుతుంది. లైనింగుని పట్టే కమ్మీలకి ముందునుంచి వెనక్కి నంబర్లు వెయ్యండి. ఒక్కోదాని ఒంపు ఒక్కోలా ఉంటుంది, తారుమారైతే కొత్త గుడ్డ ముడతలు పడుతుంది.

అసలు గండం తలుపుల కింద డొల్లగా ఉండే రేకుల్లో. ఎలుక తెచ్చిన పొట్టు, మూత్రం అక్కడ చేరి ఆ తేమ ఎన్నేళ్లైనా ఆరదు, రేకుని లోపలినుంచి తింటుంది. తీగ కొక్కేలతో పొట్టు లాగి, కిందున్న నీళ్ల కన్నాలు పొడిచి తెరిచి, నీళ్లు పెట్టి కడగండి. పైన ల్యాబు ఆయన చెప్పిన బ్లీచ్ కూడా రేకు మీద ఉండిపోతే తుప్పు పట్టిస్తుంది, వెంటనే నీళ్లతో కడిగెయ్యాలి. రెండు ఎండలు పడనిచ్చి, స్క్రూడ్రైవరు వెనక్కొసతో తట్టుకుంటూ రండి. గట్టిగా మోగితే రేకుంది. మెత్తగా బొద్దుమంటే అక్కడ టింకరింగు పని, అంటే రేకు కోసి అతికే పని, ఉంది.

ఇంజనుకి వస్తే, ముందు ఎయిర్ ఫిల్టరు మూత, సైలెన్సరు విప్పి చూడాలి. వడ్లు దాచుకోడానికి ఎలుకలకి అంతకంటే మంచిచోటు దొరకదు. ప్లగ్గులు తీసి, ఫోనుకి తగిలించే సన్న కెమెరా దూర్చి సిలిండర్లలో ఏముందో చూడండి. గింజ లేదని తేలాక నాలుగింటిలోనూ డీజిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి పోసి కొన్నాళ్లు నాననివ్వండి. సెల్ఫ్ పెట్టొద్దు. క్రాంకు పుల్లీ నట్టుకి స్పానరు వేసి, ముందుకి కొంచెం వెనక్కి కొంచెం, బలం చూపించకుండా. తిరిగితే ట్యాపెట్ కవరు తీసి వాల్వులన్నీ దిగి మళ్లీ లేస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఇరుక్కున్న వాల్వుమీద బలవంతం చేస్తే దాన్ని తోసే కడ్డీ, పుష్‌రాడ్డు, వంగుతుంది. 1089 సీసీ చిన్న ఇంజనమ్మా అది, మర్యాదగా అడిగితే మాట వింటుంది.

పాతబండి, సికింద్రాబాద్:

అక్కా, బాబాయి గారు పని చెప్పేశారు, నేను కాగితాలూ సామాన్లూ చెబుతాను.

ఇంజను మార్పించొద్దు. కేంద్రం 2021 జులైలో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారు, ఛాసీ, బాడీ షెల్, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్‌గా రిజిస్టరు చేస్తారు. మీది 1973 కాబట్టి వయసు సరిపోయింది. మారుతి ఇంజను పడిన రోజున ఆ అర్హత పోతుంది. కొత్తగా రిజిస్టరు చేయించుకునేవాళ్లకి ఫీజు 20,000, వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు పాత నంబరే ఉంచుకోవచ్చు. మీ నాన్నగారి నంబరు పోదు. అయితే ఒకటి గుర్తుంచుకోండి, వింటేజ్‌గా చేయిస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులు లాంటివాటికే రోడ్డెక్కాలి. అమ్మగారితో గుళ్లకీ పెళ్లిళ్లకీ తిరగాలంటే మామూలు ఆర్‌సీనే ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోండి. ఈ రెంటిలో ఏదో ముందే తేల్చుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లండి.

ప్రెసిడెంట్ అన్న పేరు కొద్దికాలమే ఉంది. 1974 నుంచి అదే బండి పద్మిని అయింది. అందుకని ఆ పేరున్న బ్యాడ్జీ, గ్రిల్లు, హబ్ క్యాపులు విప్పింది విప్పినట్టు ఇంట్లో బీరువాలో పెట్టండి, షెడ్లో వదలొద్దు. మెకానికల్ సామాను పద్మినిది చాలావరకు సరిపోతుంది. మా రాణిగంజ్‌లో, బెజవాడ ఆటోనగర్లో, మద్రాసు పుదుపేటలో వెతికితే దొరుకుతుంది. బొంబాయి టాక్సీల పుణ్యమా అని ఇన్నాళ్లూ కరువు లేదు. ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరైంది, 20 ఏళ్ల గడువు తీరి 2023లో అదీ ఆగిపోయింది. ఇకముందు దొరకడం కష్టమవుతుంది, కాబట్టి రబ్బర్లు, బ్రేకు సిలిండర్ల కిట్లు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం ఇప్పుడే కొని పెట్టుకోండి.

డెల్టా అమ్మాయి:

తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. తుక్కు మాట మానేసి, వింటేజా రెన్యువలా అని నాతో వాదిస్తున్నాడు. నేను రెన్యువలే అంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. బాగు చేసి తెచ్చాక పెట్టేది మళ్లీ మా ఊళ్లోనే. ఎలుకలు రాకుండా ఏం చెయ్యాలి? పొగాకు కాడలు, కలరా ఉండలు పెట్టమంటున్నారు. మందు పెట్టొచ్చా?

ఆటోనగర్ బాబాయి:

బండిలో మందు వద్దు. మందు తిన్న ఎలుక ఏ డొల్ల రేకులోకో పోయి చస్తుంది, దాన్ని తియ్యాలంటే మళ్లీ బండంతా విప్పాలి. పొగాకు, కలరా ఉండలు ఘాటున్నన్నాళ్లే. మీ చేలల్లో ఎలుకల బుట్టలు పెట్టేవాళ్లు ఉంటారుగా, వాళ్లని పిలిచి గోదాం చుట్టూ బొరియల పని ముందు చేయించండి. కారుని మాత్రం ధాన్యం ఉన్నచోట పెట్టొద్దు, వేరే గదో రేకుల షెడ్డో చూడండి. చిట్టెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెద్ద ఎలుకకి 12. తలుపు కింద రేకు పట్టీ కొట్టించి, గాలి కన్నాలకి సన్న ఇనుప జాలీ వెయ్యండి. ప్లాస్టిక్ జాలీ వెయ్యొద్దు, ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. పట్టా కప్పి చీకటి చెయ్యకండి. బోనెట్ ఎత్తి ఉంచితే వెలుతురు పడేచోట గూడు కట్టడానికి జంకుతాయి. వారానికోసారి స్టార్టు చేసి నాలుగు వీధులు తిప్పండి.

పెట్రోలు ట్యాంకు దింపి కడిగించేటప్పుడు గ్యాసు వెల్డింగు దగ్గరికి మాత్రం పోనివ్వొద్దు, ఖాళీ ట్యాంకులో ఆవిరే పేలుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది. ఇథనాల్ తట్టుకునే గొట్టాలని అడిగి తీసుకోండి. నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లు, మాస్టర్ సిలిండరు విప్పి కొత్త కిట్లు వేయించకుండా వీధిలోకి కూడా తీయకండి.

వైరింగు విప్పే రోజు రెగ్యులేటరు, ఫ్యూజు బాక్సు ఫొటోలు దగ్గరగా తీసి ఇక్కడ పెట్టమ్మా. డైనమోనే ఉందో, మధ్యలో ఎవరైనా దాని బదులు కొత్త రకం ఆల్టర్నేటరు వేశారో చూసి, వైరు ఎంత లావుది కొనాలో చెబుతాను.