గూగుల్‌లో కనబడాలంటే నెలనెలా డబ్బు కట్టవలసిందేనా?

పుట్టపాక మగ్గం | ఆదివారం రాత్రి 9:40

మాది సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాక. ఇంట్లో రెండు మగ్గాలు ఉన్నాయి. నాన్న నూనె పట్టించిన నూలుతో తేలియా రుమాళ్ళు, పట్టు ఇక్కత్ చీరలు నేస్తారు. నేతకు ముందే దారానికి చేసే కట్టు, అద్దకం అమ్మ చూసుకుంటుంది. నిరుడు శ్రావణానికి ముందు 22 వేలు పెట్టి ఒక వెబ్‌సైటు చేయించాం. పద్నాలుగు నెలలు గడిచాయి, దాని ద్వారా ఒక్క చీర కూడా పోలేదు. మా ఇక్కత్ చీరలను అందరూ పిలిచే పేరు "పోచంపల్లి పట్టు చీర". అలా వెతికితే ఎన్ని పేజీలు తిప్పినా మా పేరు లేదు.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒక ఏజెన్సీవారు రోజూ ఫోన్ చేస్తున్నారు. నెలకు 15 వేలు కడితే మూడు నెలల్లో మొదటి పేజీలో మొదటి వరుసలో నిలబెడతామని, కాగితం మీద హామీ రాసిస్తామని అంటున్నారు. ఒక మగ్గం మీద నెలంతా పనిచేస్తే మాకు మిగిలేది దాదాపు అంతే. ఇది కట్టదగిన డబ్బేనా? తెలిసినవారు చెప్పండి.

గద్వాల జరీ అంచు | ఆదివారం రాత్రి 10:05

కట్టవద్దు తల్లీ. ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

నా సంగతి చెబుతాను. గద్వాలలో మాది ముప్పై ఏళ్ళ దుకాణం. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు, అదే మా సరుకు. 2019లో ఒక ఏజెన్సీకి అప్పగించాను. రెండేళ్ళు నెలకు 9 వేల చొప్పున కట్టాను. ప్రతి నెలా రంగురంగుల గీతలున్న నివేదిక వచ్చేది, కొనేవారు మాత్రం రాలేదు. చాలించుకుంటానని చెప్పిన పదో రోజున సైటే మాయమైంది. విచారిస్తే ఆ సైటు చిరునామా నా పేరు మీద లేనే లేదు, వాళ్ళ పేరు మీద నమోదు చేసుకున్నారు. మా నాన్న పేరుతో ఉన్న చిరునామా అది! ఇవాళ అది తెరిస్తే ఎవరిదో మందుల వ్యాపారం కనిపిస్తుంది.

దుకాణాన్ని గూగుల్ మ్యాప్‌లో పెట్టుకుంటే చాలు. ఆలంపురం జోగులాంబ దర్శనానికి వచ్చినవాళ్ళు ఫోన్‌లో చూసుకుని నేరుగా మా గడప దగ్గర దిగుతున్నారు. దానికి ఎవరికీ ఏమీ కట్టనక్కర లేదు.

నల్గొండ వెబ్ పనివాడు | ఆదివారం రాత్రి 11:20

సైట్లను గూగుల్‌లో పైకి తెచ్చే ఈ పని చేసే బతుకుతున్నాను కాబట్టి వివరంగా చెబుతాను.

మొదటి వరుస హామీ మోసమే. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని, ఇచ్చేవారిని నమ్మవద్దని గూగుల్ తన సలహాల్లోనే రాసింది. ప్రకటనలకు లక్షలు పోసినా మామూలు ఫలితాల్లో స్థానం మారదు, ఆ రెండూ వేరు. ఇంతవరకు గద్వాల పెద్దాయనతో నాకు పేచీ లేదు.

కానీ పనే మోసమంటే ఒప్పుకోను. గూగుల్ ముందు మీ పేజీని కనిపెట్టాలి, తరువాత చదివి తన పట్టికలో రాసుకోవాలి, ఆ పైన ఎవరైనా వెతికినప్పుడు మిగతావాటితో పోల్చి వరుసలో పెట్టాలి. ఈ మూడింటిలో ఎక్కడ ఆగినా మీరు కనబడరు. ప్రతి పేజీకి దాని సరుకు తెలిపే శీర్షిక ఉందా, ఫొటోలు బరువెక్కి ఫోన్‌లో తెరుచుకోవడానికి అరనిమిషం పడుతోందా, చీర గురించి నాలుగు వాక్యాలైనా ఉన్నాయా అని చూడాలి. చేసిన పనికి ఫలితం కనబడడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్‌వాళ్ళే చెప్పారు. అంతకాలం ఒక మనిషి పనిచేస్తే కూలి ఇవ్వరా?

మ్యాప్ సలహా గద్వాల బజారుకు సరిపోతుంది. మ్యాప్‌లో వరుస నిర్ణయించే అంశాల్లో దూరం ఒకటి. పుట్టపాక దారిన పోయేవారు ఎంతమంది? వీళ్ళ చీర కొనేవారు బెంగళూరులోనో పుణేలోనో కూర్చుని వెతుకుతారు.

చిట్యాల రోడ్డు | సోమవారం ఉదయం 6:50

అసలు గూగుల్ పట్టికలో మీ సైటు ఉందా? సైట్ అనే మాట ఇంగ్లిష్‌లో, రెండు చుక్కలు, ఖాళీ వదలకుండా మీ చిరునామా కొట్టి చూడండి.

పాలమూరు పంతులు | సోమవారం ఉదయం 8:15

అమ్మా, మీ సైటు ఇప్పుడే చూశాను. మూడు లోపాలు కనబడ్డాయి.

మీ నాన్నగారి పరిచయమంతా ఒక బొమ్మగా పెట్టారు. బొమ్మలోని అక్షరాలను పేజీలోని మాటల్లా గూగుల్ చదువుతుందని భరోసా పెట్టుకోకూడదు. రెండోది, చీరల వివరాలు డీటీపీ కేంద్రంలో అను ఫాంటులో టైపు చేయించి అలాగే అతికించారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగులా కనిపిస్తుంది. లోపల ఉన్నవి వేరే అక్షరాల సంకేతాలు. నా ఫోన్‌లో అర్థంలేని గుర్తులు వచ్చాయి, గూగుల్‌కూ అవే అందుతాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించండి.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. "నల్గొండ జిల్లా పుట్టపాక" అని రాశారు. 2016 అక్టోబర్ 11 నుంచి మీ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. సొంత ఊరి చిరునామా తప్పు రాసుకోవడమేమిటి?

నల్గొండ వెబ్ పనివాడు | సోమవారం ఉదయం 9:02

పంతులుగారూ, మొదటి రెండూ అక్షరాలా నిజం. మూడోది మాత్రం మార్చవద్దు. జనం ఇప్పటికీ "నల్గొండ పోచంపల్లి" అనే వెతుకుతున్నారు. జనం ఏ మాటలు వెతికితే సైటు కనబడిందో సెర్చ్ కన్సోల్‌లో గూగుల్ చూపిస్తుంది. నా ఖాతాదారుల కన్సోల్‌లో ఆ మాటలు నా కళ్ళతో చూస్తున్నాను.

పాలమూరు పంతులు | సోమవారం ఉదయం 9:30

జనం తప్పు వెతికితే మనం తప్పు రాయాలా? మా నారాయణపేట 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది. అక్కడి చీరలను ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా చీరలని అమ్మేవారిని చూస్తే నాకు మనసొప్పదు. పిల్లలకు ముప్పై నాలుగేళ్ళు ఊరిపేరు, మండలం, జిల్లా సరిగ్గా రాయమని నేర్పినవాణ్ణి.

నల్గొండ వెబ్ పనివాడు | సోమవారం ఉదయం 9:41

"యాదాద్రి భువనగిరి జిల్లా, పూర్వపు నల్గొండ జిల్లా" అని రాస్తే రెండూ వస్తాయి కదా!

పాలమూరు పంతులు | సోమవారం ఉదయం 9:55

అలా రాస్తే అభ్యంతరం లేదు. మీరు ముందు అన్నది అది కాదు.

గద్వాల జరీ అంచు | సోమవారం ఉదయం 11:10

జిల్లాల గొడవ పక్కన పెట్టండి. సైటు చిరునామా ఎవరి పేరు మీద ఉంది? అమ్మాయి ముందు అది చూసుకోవాలి. వెబ్ పనివాడు ఈ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎందుకో?

నల్గొండ వెబ్ పనివాడు | సోమవారం ఉదయం 11:32

నేను ఏ ఖాతాదారు చిరునామానూ నా పేరు మీద పెట్టుకోలేదు సార్. అందుకే ఎత్తలేదు. ఎవరో చేసిన ద్రోహానికి నన్ను బోనులో నిలబెట్టకండి.

పుట్టపాక మగ్గం | సోమవారం రాత్రి 8:45

అందరికీ నమస్కారం. చిట్యాల రోడ్డుగారు చెప్పినట్లు కొట్టి చూశాను. ఒక్క పేజీ కూడా రాలేదు. ఏం చేయాలి?

చిరునామా మా తమ్ముడి పేరు మీదే ఉంది.

చిట్యాల రోడ్డు | సోమవారం రాత్రి 9:00

సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసినదైతే సెట్టింగులలో రీడింగ్ అనే చోటికి వెళ్ళండి. సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే గడి ఉంటుంది. దానిలో టిక్కు ఉందా?

పుట్టపాక మగ్గం | సోమవారం రాత్రి 9:25

ఉంది. సైటు తయారవుతున్నప్పుడు పెట్టి ఉంటారు, తీయడం మరిచిపోయారు. పద్నాలుగు నెలలు మేమే గూగుల్‌ను గుమ్మంలో ఆపేసి, ఎందుకు రావడం లేదని ఎదురుచూశాం. ఇప్పుడే తీసేశాను.

చేనేత కోడలు | సోమవారం రాత్రి 9:31

పద్నాలుగు నెలలా! ఏడుపొస్తోంది చదువుతుంటే.

నల్గొండ వెబ్ పనివాడు | సోమవారం రాత్రి 9:50

సెర్చ్ కన్సోల్‌లో సైటు నమోదు చేసి, ముఖ్యమైన పేజీలను ఇండెక్స్ చేయమని, అంటే పట్టికలో రాసుకోమని, అభ్యర్థన పెట్టండి. అది ఉచితం. మీ పేజీ వెనక కనబడని మూల సంకేతంలో, వెతికే మాటలు రాసే కీలకపదాల ట్యాగులో నలభై మాటలు కుక్కి ఉన్నాయి, వాటి మీద సమయం వృథా చేయవద్దు. వరుస నిర్ణయించడానికి ఆ ట్యాగును వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

పుట్టపాక మగ్గం | తరువాతి వారం, బుధవారం

తొమ్మిది రోజులైంది. పదకొండు పేజీలు పట్టికలోకి వచ్చాయి. పంతులుగారి మాట ప్రకారం వివరాలన్నీ యూనికోడ్‌లో నేనే టైపు చేశాను. తేలియా రుమాలుకు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో ఎలా నానబెడతారో అమ్మను అడిగి రాశాను. "పుట్టపాక తేలియా రుమాల్" అని వెతికితే మొదటి పేజీలోనే కనబడుతున్నాం. బెంగళూరు నుంచి ఇద్దరు ధర అడిగారు.

కానీ "పోచంపల్లి పట్టు చీర"కు ఎక్కడా లేం. పైన ఉన్నవి తెరిచి చూస్తే నాకు నోట మాట రాలేదు. 900 రూపాయలకు అచ్చు వేసిన పాలిస్టర్ చీరలు! వాటి కింద "పోచంపల్లి" అని పెద్ద అక్షరాలు. ఇది ఎలా జరుగుతుంది?

నల్గొండ వెబ్ పనివాడు | బుధవారం సాయంత్రం 4:10

పెద్ద దుకాణాలకు పాత సైట్లు, వందల పేజీలు, బయటి నుంచి వచ్చే లంకెలు ఉంటాయి. వాటిని దాటడానికి సమయం పడుతుంది. ఈలోగా "పోచంపల్లి డిజైన్ చీర" అనే మాట కూడా వాడి చూడండి. దానికి వెతికేవారు ఎక్కువ. నేను ఒక దుకాణానికి ఆ మాట మీదే పనిచేశాను, ఆరు నెలల్లో మూడో వరుసకు వచ్చింది.

పుట్టపాక మగ్గం | బుధవారం సాయంత్రం 4:35

ఆ దుకాణం అమ్మేది మగ్గం చీరా, అచ్చు చీరా?

నల్గొండ వెబ్ పనివాడు | బుధవారం సాయంత్రం 5:20

అచ్చు చీర. "డిజైన్" అనే రాశాను, పోచంపల్లిలో నేసిందని ఎక్కడా రాయలేదు.

గద్వాల జరీ అంచు | బుధవారం సాయంత్రం 5:28

ఇదీ సంగతి! పది రోజులుగా ఈ అమ్మాయికి సలహాలు చెబుతున్న మనిషే ఆమె నేత పేరు అచ్చు గుడ్డకు తగిలించాడు. నేను మొదటి రోజు నుంచి అంటున్నది ఇదే.

నల్గొండ వెబ్ పనివాడు | బుధవారం సాయంత్రం 6:45

మీరు అన్నది ఇది కాదు సార్, మీ చిరునామా పోయిన సంగతి. ఆ బాధ నాకు అర్థమవుతుంది, దాన్ని నా మీద వేయకండి.

మా తాత చౌటుప్పల్ దగ్గర మగ్గం నేశారు. మా నాన్న మగ్గం దించి లారీ తోలారు, నేను ఈ కంప్యూటర్ పట్టుకున్నాను. 900 పెట్టగలిగిన మనిషి "పోచంపల్లి డిజైన్" అని వెతుకుతుంది. ఆమె 14 వేల చీర కొనదు. ఆమె వెతికిన మాట నేను పేజీలో రాస్తే, మగ్గం చీర కొనేవారిని ఎలా లాక్కున్నట్లు? మాటలు పుట్టించేది నేను కాదు, వెతికేవాళ్ళు.

పాలమూరు పంతులు | బుధవారం రాత్రి 7:30

నాయనా, ఆ పేరు ఊరికే పుట్టలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. 1999 నాటి ఆ చట్టం ఉద్దేశమే సరుకు ఎక్కడిదో కొనేవాడు పొరబడకుండా చూడడం. పక్కన "డిజైన్" అని చేర్చితే పొరబాటు పోతుందా? ఫోన్ తెర మీద శీర్షికలో సగం తెగిపోయి "పోచంపల్లి" ఒక్కటే మిగులుతుంది.

పుట్టపాక మగ్గం | బుధవారం రాత్రి 9:15

అన్నా, మీ మీద కోపంతో రాయడం లేదు. మీ సలహాలు మాకు పనికొచ్చాయి. కానీ కొనేవారిని లాక్కోవడం లేదన్నారు కదా, అది నిజం కాదు. మొన్న బెంగళూరు నుంచి అడిగినవారిలో ఒకరు ఏమన్నారో తెలుసా? "ఇదే చీర వెయ్యి రూపాయలకు ఉంది, మీరు పద్నాలుగు వేలు అంటున్నారే" అన్నారు. ఫొటోలో రెండూ ఒకటే ఆమెకు. ఒక చీరకు ఆసు పోయాలంటే, అంటే కట్టుకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి కొన్ని వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. మా నాయనమ్మ భుజం దానితోనే పోయింది. చింతకింది మల్లేశంగారు ఆసు యంత్రం తయారు చేశాకే మా అమ్మకు ఆ నొప్పి తప్పింది. ఆ ఫొటోల కింద మా పేరు రాసి ఉంటే, మా ధర మోసంలా కనబడుతోంది. మేము దొంగల్లా సంజాయిషీ చెప్పుకుంటున్నాం.

చేనేత కోడలు | బుధవారం రాత్రి 9:22

మా ఇంట్లోనూ ఇదే మాట వింటున్నాం అక్కా. ప్రతి ఫోన్‌లోనూ.

నల్గొండ వెబ్ పనివాడు | గురువారం మధ్యాహ్నం 1:05

రాత్రంతా ఆలోచించాను. దుకాణం యజమానిని అడిగాను, "పోచంపల్లి" తీసి "ఇక్కత్ అచ్చు చీర" అని పెడదామని. ఒప్పుకోలేదు. అంతగా అయితే వేరేవాళ్ళను చూసుకుంటానన్నాడు. నెలకు 8 వేలు ఇచ్చే పని అది, వదులుకునే స్థితిలో లేను. కొత్త ఖాతాదారు ఎవరికీ ఆ మాట మీద పనిచేయను. అంతవరకే మాట ఇవ్వగలను.

గద్వాల జరీ అంచు | గురువారం మధ్యాహ్నం 1:40

కొత్తవాళ్ళకు చేయకపోతే పాతది దిగిపోతుందా?

నల్గొండ వెబ్ పనివాడు | గురువారం మధ్యాహ్నం 1:44

దిగదు.

పుట్టపాక మగ్గం | గురువారం రాత్రి 8:30

ఏజెన్సీకి కట్టనని చెప్పేశాను. "పోచంపల్లి డిజైన్ చీర" అనే మాట మీదే నేనూ ఒక పేజీ రాస్తున్నాను, అచ్చు చీరకూ ఇక్కత్‌కూ తేడా ఎలా పట్టుకోవాలో చెప్పే పేజీ. దారానికే రంగు పట్టించి నేస్తాం కాబట్టి మా చీర రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, అచ్చుది వెనక వెలిసినట్లుంటుంది. ఇక్కత్‌లో పువ్వు అంచు కొద్దిగా చెదిరి ఉంటుంది, అచ్చులో కత్తిరించినట్లుంటుంది. వెతికేవారు ఆ మాటే వెతికితే మా పేజీ కూడా వాళ్ళకు దొరకాలి.

ఇవాళ నాన్న చీర వెనకవైపు వెలుతురుకు పట్టుకుని నిలబడితే ఫొటో తీశాను. ఫొటోకు వివరణ రాసే గడి ఉంది. అందులో ఏం రాయాలి? "పోచంపల్లి పట్టు చీర" అని నాలుగుసార్లు రాయమని ఎవరో చెప్పారు.

చిట్యాల రోడ్డు | గురువారం రాత్రి 8:52

వద్దు. ఫొటో కనబడనివాళ్ళకు మీరు ఫోన్‌లో చెబుతున్నట్లు రాయండి.

పుట్టపాక మగ్గం | గురువారం రాత్రి 9:10

"నేతగాడు ఇక్కత్ చీర వెనకవైపు చూపిస్తున్నాడు, ఎరుపు, నలుపు రంగులు ముందువైపు ఎంత చిక్కగా ఉన్నాయో ఇక్కడా అంతే ఉన్నాయి." ఇలా రాశాను. సరేనా?

చిట్యాల రోడ్డు | గురువారం రాత్రి 9:12

సరే. ఆ ఫొటో 6 ఎంబీ ఉంది, తగ్గించి పెట్టండి.