సమస్యాపూరణం: “నీరు తీసివేయ నిండెఁ బాత్ర”

నిర్వాహకుని మాట

ఈ వారం పూరింపవలసిన సమస్య, అంటే చివర నిలిపి మిగతా మూడు పాదాలూ అల్లవలసిన పాదం, ఇది:

నీరు తీసివేయ నిండెఁ బాత్ర.

ఇది ఆటవెలది అనే పద్యానికి నాలుగవ పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు గాని మూడు లఘువులు గాని గల గణాలు), మొదటి అక్షరమైన ‘నీ’కి నాలుగవ గణం మొదట ఉన్న ‘ని’తో యతి, అంటే అక్షరాల మైత్రి, కుదిరింది. నీరు తీస్తే పాత్ర వెలితి పడాలి గాని నిండరాదన్నది ఇందులోని వైరుధ్యం. వర్ణనాంశం పండ్లూ పెరుగూ పొరలుగా పేర్చి గాజు గ్లాసులో ఇచ్చే పార్ఫే. ఫ్రాన్సులో ఈ పేరుతో చేసేది మీగడ, గుడ్డుసొన, పాకం కలిపి గడ్డకట్టించే తీపి వంటకం. మనకు కావలసినది అది కాదు, అమెరికాలో అలవాటైన పెరుగు పార్ఫే.

ఈసారి ఒక నియమం అదనంగా పెట్టుకున్నాము. పూరణ ఛందస్సుకు నిలిచినట్లే వంటగదిలోనూ నిలవాలి. పద్యంలో చెప్పిన క్రమంలో చేస్తే గ్లాసులో పొరలు విడివిడిగా కనబడాలి. అందుచేత ఛందస్సు పరిశీలనను పాలకొల్లు మాస్టారికి, వంట పరిశీలనను నరసాపురం అక్కయ్యగారికి అప్పగించాము. భీమవరం మిత్రులొకరు చేపల చెరువులో నీరు తోడివేయగా గంపలు నిండిన వైనాన్ని చక్కని ఆటవెలదిలో పంపారు. పద్యంలో వంక పెట్టడానికి లేదు, సమస్యకు అంతకంటే సూటి పరిష్కారమూ లేదు. అయినా పెరుగులో చేపలు వేయలేము గనుక దానిని పోటీ నుండి తప్పించక తప్పలేదు.

పూరణ – అమలాపురం మిత్రులు

గుడ్డలోనఁ బెరుగు గోడకు వేలాడ
జాలువారెఁ దేట సాంతముగను;
మావిపండు ముక్క మధ్యలో నమరింప
నీరు తీసివేయ నిండెఁ బాత్ర.

మాస్టారు: గణాలు, యతులు నిర్దుష్టంగా ఉన్నాయి. అయితే రెండవ పాదంలోనే తేట సాంతం జాలువారిపోయిన తరువాత నాలుగవ పాదంలో మళ్ళీ తీయడానికి నీరు ఎక్కడిది? పైగా ‘అమరింప’, ‘తీసివేయ’ అని రెండు అసమాపక క్రియలు పక్కపక్కన పడటంతో ముందు మామిడి అమర్చి, ఆ తరువాత నీరు తీసినట్లు ధ్వనిస్తోంది. మూడవ పాదాన్ని ‘మధ్యలో నమరెను’ అని ముగిస్తే చివరి పాదం విడిగా నిలిచి, ముందు చెప్పినదానికి కారణాన్ని చెబుతుంది.

అక్కయ్యగారు: పెరుగులోని తేట సాంతం ఎన్నటికీ పోదు, పోగొట్టనూ కూడదు. అరకిలో పెరుగును పలుచని మల్లుగుడ్డలో మూడు నాలుగు గంటలు కడితే సుమారు సగం బరువు మిగులుతుంది. చెంచాతో తీస్తే జారకుండా, గ్లాసులో పరిస్తే అంచుల దాకా సర్దుకునే చిక్కదనం అదే. అంతకు మించి వడిస్తే గట్టిపడి ముద్దలు ముద్దలుగా రాలుతుంది గాని పొరగా పరచుకోదు. కనుక ‘సాంతముగను’ అన్నచోట ‘చాలినంత’ అనండి. ‘జా’కు ‘చా’ యతి చెల్లుతుంది, వంట కూడా చెల్లుతుంది. ఇక గోడకు వేలాడదీయడం మాఘంలో అయితే సరే. మామిడిపండ్లు వచ్చే వైశాఖంలో, మన డెల్టా ఉక్కలో అలా వదిలితే సాయంత్రానికి ఆ పెరుగు పులిసిపోయి తేనె వేసినా నోట పెట్టలేము. జల్లెడలో గుడ్డ పరచి, కింద గిన్నె ఉంచి, ఫ్రిజ్‌లో పెట్టడం మేలు.

అమలాపురం మిత్రులు: రెండు సవరణలూ శిరోధార్యం. ముక్కకు కొత్తపల్లి కొబ్బరి మామిడి బాగుంటుందా అక్కయ్యగారూ?

అక్కయ్యగారు: రసం ఎక్కువగా ఉన్న పండు ఏదైనా ముక్కగా నిలవదు నాయనా. బంగినపల్లి కోసుకోండి, రసాలు వేరే గ్లాసులో జుర్రుకోవడానికి ఉంచండి.

పూరణ – రావులపాలెం సోదరి

అరటి చక్రములును దానిమ్మ పండులో
గింజ లొక్క వరుస, కెంపు లట్లు;
చిక్కఁబడిన పెరుగు చెంచాలఁ బెట్టంగ
నీరు తీసివేయ నిండెఁ బాత్ర.

మాస్టారు: రెండవ పాదం చాలా అందంగా ఉంది తల్లీ. ‘గిం’కు ‘కెం’ వేసిన యతి, తెల్లని పెరుగు మీద ఎర్రని గింజల వరుస, రెండూ కంటికి కట్టినట్లున్నాయి. మొదటి పాదంలో మాత్రం ‘అ’కు ‘దా’ యతి చెల్లదు. సవరించి పంపగలరు.

రావులపాలెం సోదరి: ధన్యవాదాలు మాస్టారూ. మొదటి పాదాన్ని ఇలా మార్చాను: “అరటి చక్రములును నందంపు దానిమ్మ”.

మాస్టారు: యతి కుదిరింది. ‘అందంపు’ అన్న మాట పాదం నింపడానికే వచ్చిందని చదివినవారికి తెలుస్తూనే ఉంటుంది గాని, దానిమ్మకు ఆ మాట చెల్లుతుంది గనుక వదిలివేద్దాము.

అక్కయ్యగారు: రావులపాలెం వారికి అరటి సంగతి నేను చెప్పడం సాహసమే. అయినా ఈ పద్యంలో ఒక చిక్కు ఉంది. కోసిన అరటి గాలి తగిలితే దానిలోని ఎంజైము వల్ల కాసేపటికే నల్లబడుతుంది, గాజులోంచి ఆ నలుపే ముందు కనబడుతుంది. చక్రాలకు నాలుగు చుక్కల నిమ్మరసం పట్టించి, వెంటనే పెరుగు కింద కప్పివేయాలి. పై పొరగా అరటి పనికిరాదు. దానిమ్మ గింజకు ఆ బెడద లేదు. తొక్క చిట్లనంత వరకు నీరూ విడవదు, రంగూ దిగదు. అందుచేత మీరు రాసిన వరుస సరైనదే: అరటి కింద, గింజలు పైన. నేనైతే చక్రకేళి వాడతాను. బాగా మిగలపండినది మెత్తబడిపోతుంది గనుక వద్దు.

పూరణ – కొవ్వూరు మిత్రులు

గేదెపాలు మరిగి గిన్నెలోఁ జిక్కఁగాఁ
దోడువేసి రేయి తొణకకుండ
నుంచి గుడ్డఁ గట్టి యుదయాన విప్పంగ
నీరు తీసివేయ నిండెఁ బాత్ర.

మాస్టారు: మూడవ పాదంలో ‘ఉంచి’లోని ఉకారానికి ‘ఉదయాన’లోని ఉకారంతో స్వరయతి వేసిన తీరు అనుభవజ్ఞులది. మిగతా వారు పెరుగు దగ్గర మొదలుపెడితే వీరు పాల దగ్గరకు వెళ్ళారు. నీరు మరిగినప్పుడు కొంత, వడిసినప్పుడు కొంత పోతుందని సమస్యకు రెండు విధాల సమాధానం చెప్పినట్లయింది.

అక్కయ్యగారు: పాల దగ్గరకు వెళ్ళడమే ఈ పూరణకు బలం. గేదెపాలలో వెన్న సుమారు 7 శాతం, ఆవుపాలలో సుమారు 4 శాతం ఉంటుంది. అందుకే గేదె పెరుగు కొద్దిసేపు వడిసినా చాలు, నున్నగా నిలుస్తుంది. మరుగుతున్న పాలలో తోడు వేస్తే అందులోని సూక్ష్మజీవులు చచ్చి పాలు తోడుకోవు. వేలు పెడితే ఓర్చుకోగలిగిన వేడి, అంటే 40 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు, వచ్చేదాకా ఆగాలి. అది పద్యంలో లేకపోయినా ఒప్పుకుంటాను, ఆటవెలదిలో అన్నీ పట్టవు. కాలం మాత్రం తప్పింది. రాత్రి తోడువేసిన పాలు తెల్లవారేసరికి పెరుగవుతాయి. గుడ్డలో కట్టేది అప్పుడు కదా? మీరు ఉదయాన విప్పేశారు.

మాస్టారు: అక్కయ్యగారి ఆక్షేపణ న్యాయమైనదే. “నుంచి గుడ్డఁ గట్టి యొకపూట వడియింప” అంటే కాలదోషం పోతుంది, ఉకారానికి ఒకారం యతిగా చెల్లుతుంది.

కొవ్వూరు మిత్రులు: ఒకపూట దిద్దుబాటును స్వీకరించాను. వడిసిన తేటను ఏం చేయాలో కూడా సెలవిస్తే మరో పద్యం రాస్తాను.

అక్కయ్యగారు: చపాతీ పిండి కలపండి, లేదా మజ్జిగ పులుసులో పోయండి. పారబోస్తే మాత్రం మీ పద్యం చదవను.

పూరణ – ఆత్రేయపురం సోదరులు

పూతరేకు పొడినిఁ బొరపైనఁ జల్లంగఁ
గొబ్బరియునుఁ గోరి కూర్మితోడఁ
బెరుగు పండు పెరుగు పేర్చిన గాజులో
నీరు తీసివేయ నిండెఁ బాత్ర.

మాస్టారు: ‘పెరుగు పండు పెరుగు’ అనడంలోనే పొరలు కనబడుతున్నాయి, ఈ వారం వచ్చిన పాదాలలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. కాని అన్వయం చెడింది. “గాజులో నీరు తీసివేయ” అని కలిపి చదివితే, అంతా పేర్చిన తరువాత గ్లాసులోంచి నీరు వంపినట్లు అర్థం వస్తుంది. “పేర్చిరి; పెరుగున” అని మూడవ పాదాన్ని ముగించండి. అప్పుడు పెరుగులోని నీరే తీసినట్లవుతుంది.

అక్కయ్యగారు: అమెరికావారు కరకరలాడడానికి వేయించిన ఓట్సు, గింజలు వేస్తారు. ఆ చోట పూతరేకు పెట్టాలన్న ఆలోచన మీ ఊరివారికే తడుతుంది. మీ పూతరేకుకు 2023లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చిన తరువాత ఊరుకుంటారా! అయితే బియ్యపు పిండితో తీసిన ఆ పొర ఎంత పలుచనిదో మీకు తెలియనిది కాదు. తడి పెరుగు మీద అది నిమిషాలలో కరిగిపోతుంది. గ్లాసు చేతికిచ్చే ముందు, అన్నిటికంటే పైన, నలిపి చల్లాలి. మీరు పద్యాన్ని దానితోనే మొదలుపెట్టారు, అదే నా అభ్యంతరం. రేకులో చక్కెరో బెల్లమో ఎలాగూ ఉంటుంది గనుక వేరే తీపి అక్కరలేదు. కొబ్బరి మాత్రం దోరగా వేయించి వేయండి, పచ్చి కోరు పాలు విడుస్తుంది.

పూరణ – అంతర్వేది మిత్రులు

మట్టి పొరలు వేసి మనసీమఁ గట్టిన
నదినిఁ జూచి నేర్చినట్లు నేను
పండు పెరుగుఁ బేర్చి పైఁదేనె వేసితి;
నీరు తీసివేయ నిండెఁ బాత్ర.

మాస్టారు: గోదావరి సముద్రంలో కలిసే చోట కూర్చున్నవారికి తప్ప ఈ ఊహ రాదు. ఒండ్రు పొర మీద పొర పడి డెల్టా ఏర్పడిన తీరును మూడు అంగుళాల గ్లాసులోకి దించారు. గణదోషం గాని యతిదోషం గాని కనబడలేదు.

కొవ్వూరు మిత్రులు: ఒక సందేహం. నది ఒండ్రు వేసేది వేగం తగ్గినందువల్ల గాని నీరు తీసివేసినందువల్ల కాదు కదా? ఉపమ మూడు పాదాలలో ఒక దారిన, సమస్య నాలుగవ పాదంలో మరొక దారిన పోతున్నట్లు నాకు తోచింది.

మాస్టారు: పోలిక పొరలు వేయడం వరకే, నీటి వరకు రాలేదు. కవి ‘నేర్చినట్లు’ అన్నారు గాని ‘నదివలెనే చేసితిని’ అనలేదు. అయినా మీ ఆక్షేపణను కొట్టివేయను. మూడవ పాదంలో పెరుగును వడగట్టిన సూచన ఒక్కటి ఉండి ఉంటే ఈ పూరణకు ఎదురుండేది కాదు.

అక్కయ్యగారు: వంటకు సంబంధించినంత వరకు ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తేనె పైన, చివర వేశారు. పండు ముక్కలకు ముందుగా తేనె గాని చక్కెర గాని కలిపితే ఆ తీపి పండులోని నీటిని బయటికి లాగుతుంది, ఆ నీరు దిగి కష్టపడి వడగట్టిన పెరుగు మళ్ళీ పలుచనవుతుంది. చాలామంది ఇళ్ళలో పొరలు కలగాపులగం కావడానికి కారణం ఇదే.

నిర్వాహకుడు: ఈ వారం ఉత్తమ పూరణగా అంతర్వేది వారి పద్యాన్ని, ఉత్తమ పాదంగా ఆత్రేయపురం వారి ‘పెరుగు పండు పెరుగు’ను ఎంపిక చేస్తున్నాము. సవరించిన పూరణలన్నీ సంకలనంలో చేరతాయి.

యానాం మిత్రులు: ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. అంతర్వేది వారి మూడవ పాదంలో ‘పండు’ అన్న సామాన్య పదం బదులు ‘అనాస’ అని విశేషంగా చెబితే ఇంకా బాగుండేది కాదా?

మాస్టారు: ‘అనాస’ లఘువు, గురువు, లఘువు. అది జగణం, సూర్యగణం స్థానంలో కూర్చోదు.

అక్కయ్యగారు: పెరుగులోనూ కూర్చోదు. పచ్చి అనాసలోని బ్రొమెలైన్ అనే ఎంజైము పాల మాంసకృత్తులను విరగగొట్టి, గంట తిరిగేసరికి గ్లాసంతా చేదు చేస్తుంది. ముక్కలను ఉడికించి చల్లార్చి వేస్తే ఆ గుణం పోతుంది. అంత శ్రమ ఎందుకనుకుంటే బొప్పాయి వైపు చూడకండి, దానిలోనూ అటువంటి ఎంజైమే ఉంది, జామపండు కోసుకోండి.