తాతగారి తుపాకీ మీద అరిగిన గులాబీ: మళ్లీ చెక్కించాలా, వదిలేయాలా?

గంటస్తంభం_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మా తాతగారి డబుల్ బ్యారెల్ పోయినేడాది నా లైసెన్స్ మీదకి మారింది. పన్నెండు బోర్, పక్కపక్క గొట్టాలది, బర్మింగ్‌హామ్‌లో చేసింది. గొట్టాల మధ్య పట్టీ మీద కలకత్తా షాపు పేరు ఉంటుంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట పోయింది కాబట్టి, నాకు ఊహ తెలిశాక ఇది చేసిన పనల్లా దసరాకి దేవుడి గదిలో పీటెక్కడం, ఎలక్షన్లొస్తే స్టేషన్‌కి వెళ్లి రావడం.

విషయం ఏటంటే దాని మీద నగిషీ. గొట్టాలు మడత పడే చోట ఇనుప దిమ్మ ఉంటుంది కదా, యాక్షన్ అంటారు, దానికి రెండు పక్కలా సన్నటి తీగ చుట్లు, వాటి మధ్య గులాబీ గుత్తులు. ఎడంపక్క ఇప్పటికీ రేకులు లెక్కపెట్టొచ్చు. కుడిపక్క మాత్రం మధ్య గులాబీ దాదాపు లేదు. తాతగారు ప్రతి ఆయుధపూజకీ సరిగ్గా అక్కడే బొట్టు పెట్టేవారు, మర్నాడు మా నాయనమ్మ ఇత్తడి సామాను తోమే పొడితోనే దాన్నీ రుద్ది తుడిచేసేది. యాభై దసరాలు అలా జరిగితే ఏ గులాబీ నిలుస్తుంది. మిగిలిన గీతల్లో ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది, కుంకుమో తుప్పో నాకు తెలీదు.

మా చిన్నాన్న మొత్తం చెరిపించి కొత్తగా చెక్కిద్దాం అంటున్నాడు. గుళ్లకి మకరతోరణాలు చేసే ఒకాయన తెలుసట. ఒక పక్క పులి, ఒక పక్క నెమలి, పైన బంగారు పూత. "ఇంత మంచి తుపాకీ మీద ఈ ముగ్గులేంట్రా, ముక్కు ఆనిస్తే గానీ కనబడవు, పులి ఉంటే వచ్చినోడు గుమ్మంలోంచే చూస్తాడు" అని ఆయన వాదన. నాకు ఆ ముగ్గులే ఇష్టం. కానీ ఈ మధ్య ఫోన్లో ఇటలీ తుపాకులు చూశాను, ఎగిరే బాతులు ఫొటో తీసినట్టున్నాయి, అప్పట్నుంచి మనసు ఊగుతోంది. మీకైతే ఏది నచ్చుతుంది? అరిగినదాన్ని ఏం చేస్తారు?

పాత_తూటా

తమ్ముడూ, ముందు ఆ పులిని ఆపు.

నా రుచి చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. నువ్వు చెప్పిన గులాబీలూ తీగ చుట్లూ బొమ్మ చెక్కడం రాక చెక్కినవి కావు. లండన్‌లో 1814 నుంచి తుపాకులు చేస్తున్న పర్డీ వాళ్ల ఇంటి ముద్రే ఆ సన్న తీగ, గులాబీ. అక్కడిదే ఇంకో కంపెనీ, హాలండ్ అండ్ హాలండ్, వాళ్ల రాయల్ అనే తుపాకీ మీద ఆకులు పెద్దవి, చుట్టు పెద్దది, లోతు ఎక్కువ, అది వాళ్ల దర్జా. నాకు పర్డీదే ఇష్టం. చెయ్యి చాచి పట్టుకుంటే బూడిదరంగు గుడ్డ కప్పినట్టు ఉంటుంది, అంతే. దగ్గరికి తెచ్చుకుంటే ఒక్కో చుట్టూ విడివడుతుంది, చుట్టు లోపల ఇంకో చుట్టు, దాని లోపల నీడకోసం గీసిన వెంట్రుక గీతలు. మన పొందూరు ఖద్దరు ఉంది చూడు, వీధి అవతల్నుంచి చూస్తే తెల్ల గుడ్డ, చేత్తో పట్టుకున్నోడికే దాని సంగతి తెలుస్తుంది. మీ చిన్నాన్నకి గుమ్మంలోంచి కనబడాలి. నాకు నా చేతిలో ఉన్నప్పుడు కనబడితే చాలు.

ఇంకోటి. మీది బాక్స్‌లాక్ అయ్యుంటుంది, నగిషీ దిమ్మ మీదే ఉందన్నావు కాబట్టి. ఆన్సన్, డీలీ అని వెస్ట్లీ రిచర్డ్స్ తుపాకుల కంపెనీలో పనిచేసినోళ్లు 1875లో పేటెంట్ చేయించిన పద్ధతి, మీట, స్ప్రింగు అన్నీ దిమ్మ లోపలే ఇమిడిపోతాయి. సైడ్‌లాక్ అయితే పక్కన పెద్ద రేకు వస్తుంది, నగిషీ పనోడికి అరచెయ్యంత పలక దొరికినట్టే. బాక్స్‌లాక్ మీద ఆ చోటు ఉండదు. అంత ఇరుకులో పులిని కుక్కితే తోక గొట్టం మీదకి పోతుంది.

బొమ్మల మీద నాకెందుకు నమ్మకం లేదో కూడా చెప్తా. నా తుపాకీ అడుగున ఒక కుక్క ఉంది, స్పానియల్ అట. మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లా దాన్ని చూసి పంది అనే అంది. చౌకరకం తుపాకుల మీద బొమ్మలు చాలావరకు ఇంతే. తీగ కొంచెం వంకరపోయినా తీగలాగే ఉంటుంది, కుక్క మూతి రవ్వంత వంకరపోతే పందే.

ఇవాళ సాయంత్రం ఒక పని చెయ్యి. మరల తలల మీద గాడి గీతలు చూడు. మంచి తుపాకీ అయితే అవన్నీ గొట్టాల వైపే తిరిగి ఒకే దారిలో ఉంటాయి. మర పూర్తిగా బిగించాక ఏ దిక్కున ఆగిందో చూసి, దాన్ని బట్టి గాడి కోస్తారు. నాకు పులీ నెమలీ కన్నా ఆ గీతలు సరిగ్గా నిలబడటమే ఎక్కువ అందం. నా భార్య దీన్ని జబ్బు అంటుంది.

నాగావళి_ఒడ్డు

పాత తూటా గారూ, మీ పందిని చూపించి ప్రపంచంలో ఉన్న బొమ్మలన్నిటినీ కొట్టేస్తే ఎలా సార్?

నాకు బొమ్మలే ఇష్టం, దాచుకోను. తీగలు ఎంత బాగున్నా రెండో తుపాకీ మీదా అవే తీగలు. ఇటలీలో గార్డోనె వాల్ ట్రోంపియా అని బ్రెషియా దగ్గర లోయలో ఒక ఊరు, తుపాకులు చేసే బెరెట్టా వాళ్లు 1526 నుంచి ఉన్నది అక్కడే. అక్కడి పనోళ్లది బులీనో పద్ధతి. సుత్తి ఉండదు. మొనదేలిన చిన్న ఉలిని అరచేతిలో ఆనించి, భూతద్దం కింద చూస్తూ చేత్తోనే నెట్టి చుక్కలు పొడుస్తారు, వెంట్రుకకన్నా సన్న గీతలు గీస్తారు. దగ్గర దగ్గర పొడిస్తే నీడ, దూరంగా పొడిస్తే వెలుగు. ఫిర్మో ఫ్రకాస్సి అనే నగిషీ పనాయన చేసిన పక్షి ఫొటోని పెద్దది చేసి చూశాను, ఈకల కింద మెత్తదనం కూడా ఉంది. ఇనుము మీద మెత్తదనం! ఒక్క తుపాకీకి వందల గంటలు కూర్చుంటారు. దాని ముందు గులాబీ గుత్తి పెట్టి ఇదే గొప్ప అంటే నేను ఒప్పుకోను.

ఇక తమ్ముడికి. మీ చిన్నాన్న చెప్పే పులి, ఈ ఇటలీ బాతులు ఒకటి కావు, ఆ ఫొటోలు చూసి ఇటు మొగ్గకు. బులీనో చాలా పైపైన ఉంటుంది, లోతు లేదు, మీ నాయనమ్మగారి తోముడు పొడి కింద నాలుగు దసరాలు కూడా ఆగదు. పైగా దానికి వెండి బూడిద రంగులో నునుపైన ఇనుము కావాలి. మీ గులాబీలు ఎడంపక్క ఇన్నాళ్లు నిలిచాయంటే లోతుగా కోసినవి కాబట్టే, ఆ మాట మాత్రం పాత తూటా గారి ఖాతాలో వేసుకోవచ్చు.

బంగారం గురించి కూడా ఒక ముక్క. ఇంగ్లండ్‌లో కెన్ హంట్ అనే నగిషీ పనాయన బంగారం పొదిగినవి చూస్తే నోరు తెరుచుకుంటుంది, రంగురంగుల బంగారం. అక్కడ ఇనుములో గాడి తవ్వి, గాడి అంచుల్ని లోపలికి కోసి, బంగారు తీగ పెట్టి కొడితే అది లోపల పట్టుకుంటుంది. మీ చిన్నాన్న చెప్పేది పూత. నాలుగేళ్లకి పులి చారలు మాత్రం మిగిలి పులి పోతుంది.

బుడితి_అల్లుడు

నాకు తుపాకులు తెలీవు, మా మామగారిది బుడితి, ఇత్తడి పని. మకరతోరణం మాట చూసి ఆగలేక రాస్తున్నా.

రాత్రి భోజనాల దగ్గర ఈ ప్రశ్న మామగారికి చదివి వినిపించాను. "ఆ ఇనుముకి నీళ్లు పట్టించారా లేదా అడుగు" అన్నారు. నేను వెతికి చూస్తే, పట్టించారట. ఈ దిమ్మల మీద నగిషీ ముందే చెక్కేసి, తర్వాత ఎముకల బొగ్గు, కట్టెబొగ్గు మధ్య పెట్టెలో పేర్చి, ఎర్రగా కాల్చి నీళ్లలో దించుతారు. పైన పలచటి పొర గాజులా గట్టిపడుతుంది. నీలం, గోధుమ రంగు మరకలు కూడా అప్పుడే వస్తాయి (మీ తుపాకీకి మూలల్లో కొంచెం మిగిలి ఉండాలి, చూడండి). ఇది విని మామగారు చెయ్యి ఊపేశారు. ఇత్తడి మీద ఉలి వెన్నలో పోయినట్టు పోతుంది, దీని మీద జారుతుంది, లేదా మొన విరుగుతుంది, జారిన గీత పక్క గులాబీ మీదుగా పోతుంది. కోయాలంటే ముందు మళ్లీ కాల్చి మెత్తబరచాలి, కోశాక మళ్లీ గట్టిపరచాలి. ఆ రెండు కాల్పుల్లో దిమ్మ వెంట్రుకవాసి మెలిపడినా గొట్టాలు సరిగ్గా మూసుకోవు.

"నేనైతే ముట్టుకోను, ఎంతిచ్చినా" అన్నారాయన. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఆయన పని వద్దనడం నేను ఇదే వినడం.

లైసెన్స్_మాస్టారు

రుచుల సంగతి మీరు చూసుకోండి బాబూ. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేరు చేసే వ్యాపారానికి లైసెన్స్ కావాలి. గుడి తోరణాలు చేసే ఆయన చేతిలో తుపాకీ పెడితే ఆయనకీ ఇబ్బంది, నీకూ ఇబ్బంది. సెక్షన్ 8 ఇంకా ముఖ్యం. తుపాకీ మీద ఉన్న పేరు, నంబరు, గుర్తింపు ముద్ర ఏది చెరిపినా, మార్చినా నేరం. "మొత్తం చెరిపించి" అని రాశావు చూడు, సానపట్టే చక్రం కింద నంబరు కూడా పోతుంది, తర్వాత రెన్యువల్‌కి వెళ్లినప్పుడు నీ లైసెన్స్‌లో నంబరుకీ ఇనుము మీద నంబరుకీ పొంతన ఉండదు. చిన్నాన్నగారికి ఈ పేరా ఒక్కటే చదివి వినిపించు.

గంటస్తంభం_కుర్రోడు

మాస్టారూ, వినిపించాను. "చట్టాలు నాకు చెప్పకు" అన్నాడు గానీ పులి మాట మళ్లీ ఎత్తలేదు. మరల గీతలు చూశాను, నాలుగు సరిగ్గా ఉన్నాయి, ఒకటి వంకర. ఎవరో ఎప్పుడో విప్పి బిగించినట్టున్నారు, ఇప్పుడది నా కంటికి గుచ్చుకుంటోంది, పాత తూటా గారూ, మీ జబ్బు నాకు అంటించారు. అల్లుడుగారూ, మూలల్లో నీలం ఉంది, ట్రిగ్గర్ వెనక గోరంత.

ఇప్పుడు ఆ ఎర్రటిది ఎలా తియ్యాలి? గుండుసూదితో గోకొచ్చా?

కళింగపట్నం_గాలి

గుండుసూది పెట్టకు!! మాది సముద్రం పక్క, తుప్పుతో నాకు రోజూ పేచీయే కాబట్టి చెప్తున్నా. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలెయ్, పొద్దున మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో చుట్టు తిరిగే దారిలోనే రాయి, అడ్డంగా రుద్దకు. పాత బనియన్ గుడ్డతో ఒత్తి తియ్యి. కుంకుమైతే నూనెతో వచ్చేస్తుంది, తుప్పైతే గోధుమరంగు మరక మిగులుతుంది, దాన్ని అలా ఉండనీ. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురు కట్టేస్తుంది, మా ఇంట్లో ఒకరు ప్రేమకొద్దీ రాస్తే గీతలన్నీ మైనం పోసినట్టు పూడిపోయాయి. ఒకటి గుర్తుపెట్టుకో, నగిషీ గీతల్లో నూనె నిలుస్తుంది కాబట్టి నున్నటి ఇనుము కన్నా అది మేలే, కానీ కుంకుమ నిలిస్తే తడి లాక్కుంటుంది. వచ్చే దసరాకి బొట్టు తుపాకీ వెనక చెక్క మీద పెట్టుకోండి.

నా రుచి అడిగితే, అసలు నగిషీ లేని తుపాకీ ఇష్టం నాకు. ఎవరూ తిట్టకండి.

గంటస్తంభం_కుర్రోడు

నిన్న రాత్రి నూనె వేసి పొద్దున తీశాను. ఎరుపంతా కుంకుమే, గుడ్డ గులాబీ రంగైపోయింది. నాయనమ్మకి చూపిస్తే ఆ గుడ్డ పారెయ్యనివ్వలేదు, మడిచి లోపల పెట్టుకుంది. అరిగిన గులాబీకి అడుగు గీతలు మూడు బయటపడ్డాయి, లైటు పక్కనుంచి వేస్తేనే కనబడతాయి. దాన్ని ఇంక ముట్టుకోను.

అసలు చెప్పొచ్చింది వేరు. ట్రిగ్గర్ గార్డు మీద ఇన్నాళ్లూ నల్లటి జిడ్డు ముద్ద ఉండేది, అక్కడేమీ లేదనుకున్నాం. బ్రష్ ఆడిస్తే దాని కింద ఒక పిట్ట ఉంది! బొటనవేలి గోరంత, రెండు గడ్డిపోచల మధ్య నిలబడి మెడ తిప్పి చూస్తోంది. రొమ్ము మీద అడ్డగీతలున్నాయి. నేను కౌజు అంటున్నాను, చిన్నాన్న పావురం అంటున్నాడు. ఫొటో పెడుతున్నాను, చెప్పండి.

పాత_తూటా

కౌజే. కాళ్లు చూడు, పావురానికి అంత బలుపు కాళ్లుండవు.

నాగావళి_ఒడ్డు

కౌజు. చూశారా పాత తూటా గారూ, బాగా చెక్కిన బొమ్మ.

పాత_తూటా

చిన్నది కాబట్టి.