పక్క ఫోల్డర్‌లోని మాడ్యూల్ కోసం స్క్రిప్టు తన చోటును తానే వెతుక్కోవాలా?

అనంతపురం నుంచి, చర్చ ప్రారంభం

మండలాల వారీ వర్షపాతాన్ని లెక్కగట్టే మా పైథాన్ ప్రాజెక్టులో ‘నివేదికలు’, ‘ఉమ్మడి’ అనే రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉన్నాయి. నివేదికలలోని స్క్రిప్టు, ఉమ్మడిలోని ‘తేదీలు’ అనే మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసుకోవాలి. ప్రస్తుతం ఓఎస్.గెట్‌సీడబ్ల్యూడీ ఇచ్చే ఫోల్డర్‌ను సిస్.పాత్‌కు, అంటే మాడ్యూళ్ల కోసం పైథాన్ వెతికే ఫోల్డర్ల జాబితాకు, చేరుస్తున్నాము. ప్రాజెక్టు ఫోల్డర్ నుంచి నడిపితే పని జరుగుతోంది, నిర్ణీత వేళకు పనులను తానే నడిపే క్రాన్ ద్వారా నడిపితే మాడ్యూల్ దొరకడం లేదని ఆగిపోతోంది. స్క్రిప్టు __ఫైల్__ (తన ఫైలు ఉన్న దారి) ద్వారా తన ఫోల్డర్‌ను తెలుసుకోవడం చాలునని మాలో కొందరు, మొత్తాన్ని ప్యాకేజీగా (ఒకే పేరు కింద చేర్చిన మాడ్యూళ్ల సమూహంగా) మార్చాలని మరికొందరు అంటున్నారు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

కడప నుంచి

గెట్‌సీడబ్ల్యూడీ చెప్పేది స్క్రిప్టు ఉన్న చోటు కాదు, దాన్ని నడిపిన చోటు. క్రాన్ సాధారణంగా వాడుకరి హోమ్ ఫోల్డర్ నుంచి పని మొదలుపెడుతుంది కనుక మీ లెక్క అక్కడ తప్పుతోంది. స్క్రిప్టును నేరుగా నడిపినప్పుడు దాని సొంత ఫోల్డర్‌ను పైథానే సిస్.పాత్‌లో మొదట ఉంచుతుంది. అందువల్ల అదే ఫోల్డర్‌లోని మాడ్యూళ్లకు ఏ ఏర్పాటూ అక్కర్లేదు, చిక్కంతా పక్క ఫోల్డర్‌తోనే. పాత్(__ఫైల్__).రిజాల్వ్().పేరెంట్.పేరెంట్ అని రాస్తే, ఒక్కో పేరెంట్‌కు ఒక మెట్టు పైకి వెళ్లి, ప్రాజెక్టు ఫోల్డర్ దొరుకుతుంది. దాన్ని సిస్.పాత్‌లో చేర్చండి, ఎక్కడి నుంచి నడిపినా పనిచేస్తుంది. నేరుగా నడిపే స్క్రిప్టులో __ఫైల్__ పూర్తి దారిగా రావడం పైథాన్ 3.9 నుంచే మొదలైంది. పాత కూర్పులలో అది నడిపిన చోటుకు సాపేక్షంగా కూడా ఉండవచ్చు కనుక దాన్ని పూర్తి దారిగా మార్చే రిజాల్వ్ వదలకండి.

కర్నూలు నుంచి

కడప వారు కారణాన్ని సరిగ్గా చెప్పారు, పరిష్కారంతో మాత్రం నేను ఏకీభవించను. ఆ రెండు పంక్తులు ఒక స్క్రిప్టుతో ఆగవు, నివేదికలలోని ప్రతి ఫైలు తలమీదా చేరతాయి. ఫైలును ఒక మెట్టు లోపలికి జరిపితే పేరెంట్‌ల లెక్క మారుతుంది. బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో __ఫైల్__ అనే పేరే ఉండదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఒకరు ప్రాజెక్టు ఫోల్డర్‌ను, ఇంకొకరు ఉమ్మడి ఫోల్డర్‌నే సిస్.పాత్‌లో చేర్చారనుకోండి. అప్పుడు ఒకే ఫైలు ‘ఉమ్మడి.తేదీలు’ అని ఒకసారి, ‘తేదీలు’ అని మరొకసారి లోడవుతుంది. పైథాన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు మాడ్యూళ్లు, వాటిలోని క్లాసులూ వేర్వేరు. ఒకదానితో చేసిన వస్తువును మరొకదానితో ఇజ్‌ఇన్‌స్టాన్స్ (ఇది ఈ క్లాసుకు చెందినదేనా) అని అడిగితే కాదంటుంది, కారణం మాత్రం ఏ ఎర్రర్ సందేశంలోనూ కనబడదు.

రెండు ఫోల్డర్లనూ ‘వర్షం’ అనే ఒకే ప్యాకేజీ కిందికి తెచ్చి, పైన ప్యాకేజీ వివరాలుండే పైప్రాజెక్ట్.టామ్ల్ పెట్టి, ప్రాజెక్టుకు విడిగా ఉండే పైథాన్ ఏర్పాటు అయిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ ఇన్‌స్టాల్ -ఇ (కోడ్‌ను ఉన్నచోటే ఉంచి ఇన్‌స్టాల్ చేసే ఆదేశం) ఒక్కసారి నడపండి. ఆ తరువాత వర్షం.ఉమ్మడి అనే ఒకే పేరుతో ఎక్కడి నుంచైనా పిలవవచ్చు.

కడప నుంచి

రెండు పేర్ల ప్రమాదం నిజమే, దాన్ని ఒప్పుకుంటాను. అయితే ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని కంప్యూటర్‌కు ఫోల్డర్‌ను కాపీ చేసి నడపవలసిన వారి సంగతి ఏమిటి? అక్కడ __ఫైల్__ దారే నిలుస్తుంది. ప్రాజెక్టు ఫోల్డర్‌ను మాత్రమే, అదీ నేరుగా నడిపే స్క్రిప్టులో మాత్రమే చేర్చాలన్న కట్టుబాటు పెట్టుకుంటే మీరు చెప్పిన ప్రమాదం రాదు.

కర్నూలు నుంచి

అలాంటి చోట కూడా ఆ పంక్తులు అవసరం లేదు. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి సీడీ (ఫోల్డర్ మార్చే ఆదేశం) చేసి పైథాన్ -ఎమ్ తో మాడ్యూల్ పేరు ఇస్తే, నడిపిన ఫోల్డరే సిస్.పాత్‌లో మొదట చేరుతుంది. క్రాన్ పంక్తిలోనూ సీడీ, ఆపై ఆదేశం రాయవచ్చు. కట్టుబాటు మీరు ఉన్నంత కాలం నిలుస్తుంది కానీ, కొత్తగా చేరినవారు దాన్ని ఎక్కడ చదువుతారు? వర్షపాతం పట్టిక ఉన్న సీఎస్‌వీ ఫైలును తెరవడానికి __ఫైల్__ వాడటం మీద నాకు అభ్యంతరం లేదు, కోడ్‌ను వెతకడానికి వాడటం మీదనే.

అనంతపురం నుంచి

ఇద్దరికీ ధన్యవాదాలు. మా సర్వర్‌లో ఇన్‌స్టాల్ అనుమతి ఉంది కనుక ‘వర్షం’ ప్యాకేజీగానే మారుస్తున్నాము. సీఎస్‌వీ దారికి __ఫైల్__ అలాగే ఉంచుతాము. క్రాన్‌లో ఎన్విరాన్‌మెంట్‌ను ముందుగా యాక్టివేట్ చేయాలా?

కర్నూలు నుంచి

అవసరం లేదండి. ఆ ఎన్విరాన్‌మెంట్ లోపలి బిన్ ఫోల్డర్‌లోని పైథాన్‌కు పూర్తి దారి రాస్తే సరిపోతుంది.