కీలు కడిగాక యాంటీబయాటిక్ ఎన్నాళ్లు? రెండు వారాలా, ఆరు వారాలా?

మోకాలి లెక్క
నాన్నకి మోకాట్లో చీము పట్టింది. ఇంప్లాంట్ ఏమీ లేదు, సొంత కీలే. ఆర్థోస్కోపీతో, అంటే చిన్న రంధ్రంలోంచి గొట్టం పెట్టి కడిగారు. రెండు రోజులకే మళ్లీ వాచింది, ఇంకోసారి కడిగారు. చీములో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో స్టాఫ్ ఆరియస్ అనే బాక్టీరియా వచ్చింది, మామూలు మందులకు లొంగే రకమే. తొమ్మిది రోజులు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించి, మాత్రలు రాసి ఇంటికి పంపారు. చీటీ మీద మాత్ర పేరు పక్కన 14 అని ఉందంతే. మాకేమో మొత్తం రెండు వారాలే అన్నట్టు అర్థమైంది. వేరే డాక్టర్‌కి చూపిస్తే ఆరు వారాలకు ఒక్కరోజు తగ్గినా ఒప్పుకోనన్నారు. ఎవరి మాట వినాలి? అసలు ఆ పద్నాలుగు ఎప్పటి నుంచి లెక్క? నాన్న రోజూ మాత్ర చేతిలో పెట్టుకుని "ఇంకెన్ని?" అంటున్నారు.

ఒంటికాలి పరుగు
లెక్క మొదలయ్యేది చివరిసారి కడిగిన రోజు నుంచి అండీ. డిశ్చార్జ్ రోజు నుంచి కాదు, మొదటి ఇంజెక్షన్ నుంచీ కాదు. నాకూ మోకాలే, ఇదే క్రిమి. నాలుగు వారాలు వాడాను. మొదటి పది రోజులు నరంలోకే. మూడో రోజు వచ్చేసరికి క్యాన్యులా పెట్టిన నరం తాడులా గట్టిపడేది, చెయ్యి మార్చేవారు. ఆఖరికి నర్సమ్మ నా మణికట్టు తట్టి తట్టి "ఇక్కడొక్కటే మిగిలింది" అని నవ్వింది. మాత్రలకు మారినప్పుడు ప్రాణం లేచొచ్చింది కానీ, మాత్రలతో తగ్గుతుందా అని ఒకటే టెన్షన్. తగ్గింది.

చిటికెనవేలు
నాకు పిల్లి కరిచి వేలి కణుపులో చీము పట్టింది. ఒక్కసారి కడిగారు, సరిగ్గా 14 రోజులు మందు. అయిపోయింది. ఆరు వారాలనేవాళ్లు పాతకాలం లెక్క చెప్తున్నారని నా అనుమానం.

మళ్లీ మొదటికి
అలా తేల్చేయకండి. నేను పన్నెండో రోజున నొప్పి లేదు కదా అని సొంతంగా ఆపేశాను. భుజం కీలు. మూడు వారాలు బాగానే ఉన్నాను. తర్వాత ఒక రాత్రి చొక్కా విప్పుకోలేకపోయాను. మళ్లీ ఆపరేషన్ థియేటర్, మళ్లీ మొదటి నుంచి కోర్సు. డాక్టర్ తప్పేం లేదు, ఆయన నాలుగు వారాలని స్పష్టంగానే రాశారు.

వార్డు రౌండ్స్
ఇన్ఫెక్షన్ల విభాగంలో పనిచేస్తాను. నాన్నగారిని చూడకుండా ఇన్ని రోజులని నేను చెప్పను, కానీ ఇద్దరు డాక్టర్ల మాటల్లో అంత తేడా ఎందుకుందో చెప్పగలను.

జెనీవాలో చేసిన ఒక ట్రయల్ 2019లో వచ్చింది. ఇంప్లాంట్ లేని కీళ్లు, చీము కడిగేసిన 154 మంది. సగం మందికి రెండు వారాలు, సగం మందికి నాలుగు. తిరగబెట్టింది మొత్తం ముగ్గురికే: రెండు వారాల వాళ్లలో ఒకరు, నాలుగు వారాల వాళ్లలో ఇద్దరు. అప్పటి నుంచి రెండు వారాలనే మాట బాగా వినిపిస్తోంది. అయితే వాళ్లలో మూడింట రెండు వంతుల మందివి చేతి కీళ్లే. చిటికెనవేలు గారి కేసుకి అది అచ్చంగా సరిపోతుంది. మోకాలు, తుంటి, భుజం విషయంలో అంత ధీమాగా నేను చెప్పలేను. పెద్ద కీలు, పైగా స్టాఫ్ ఆరియస్ అయితే మాలో చాలామంది నాలుగు వారాలు ఇస్తాం. పక్క ఎముకలోకి పాకితే ఆరు. రక్తం కల్చర్‌లో కూడా అదే క్రిమి దొరికిందంటే కథ మారిపోతుంది, ఎకో (గుండె స్కాన్) తీసి గుండె కవాటాలు చూడాలి. ఆ రిపోర్ట్ ఏమైందో ముందు కనుక్కోండి.

ఇంకోటి, మాత్రలంటే చిన్నచూపు వద్దు. బ్రిటన్‌లో 1,054 మంది ఎముక, కీలు ఇన్ఫెక్షన్ రోగుల మీద చూశారు. మొదటి ఆరు వారాలు నరంలోకి మందు ఎక్కించినవాళ్లలో ఏడాదికి విఫలమైంది 14.6 శాతం, మాత్రలు మింగినవాళ్లలో 13.2 శాతం. కీలుకి చేరే మాత్ర ఎంచుకోవాలి, వేళ తప్పకుండా మింగాలి, అంతే.

బుడ్డోడి అమ్మ
పిల్లల లెక్క వేరని మాకు చెప్పారు. మా బాబుకి తుంటి. మూడు రోజులు నరంలోకి, తర్వాత సిరప్, అన్నీ కలిపి పన్నెండు రోజులు. సీఆర్పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) దిగిందాకా ఆగి ఆపారు.

వార్డు రౌండ్స్
అవునమ్మా. ఫిన్లాండ్‌లో 130 మంది పిల్లల్లో పది రోజులు, ముప్పై రోజులు పోల్చి చూస్తే త్వరగా కోలుకునేవాళ్లకి పది రోజులూ సరిపోయాయి. దాన్ని తాతల మోకాళ్లకి అంటగట్టకూడదు.

రెండో మోకాలు
మా అమ్మది మార్పిడి చేసిన మోకాలు. ఇక్కడి రోజుల లెక్క చూస్తే నవ్వొస్తోంది, మాకు నెలల్లో చెప్పారు. ఇంప్లాంట్ తీయకుండా కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి, మూడు నెలలు రెండు మందులు కలిపి ఇచ్చారు. లోహానికి క్రిమి జిగురు పొరలా అంటుకుంటుందట. ఆ రెండిట్లో ఒకటి రిఫాంపిసిన్. అమ్మ కళ్లు తుడుచుకుంటే తెల్ల రుమాలు మీద నారింజ మరక! మూత్రం సంగతి ముందే చెప్పారు గానీ కన్నీళ్ల సంగతి చెప్పలేదు, రక్తమేమోనని హడలిపోయాం. అమ్మ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ కూడా వాడుతుంది, ఈ మందు దాని పనిని తగ్గించేస్తుంది కాబట్టి డోసు పదేపదే సరిచేశారు. ఆరు వారాలకే ఆపొచ్చా అని అడిగాను, వద్దన్నారు.

వార్డు రౌండ్స్
సరిగ్గానే చెప్పారు. ఫ్రాన్స్‌లో కృత్రిమ కీళ్ల మీద ఆరు వారాలు, పన్నెండు వారాలు పోల్చారు, 2021లో వచ్చింది. ఇన్ఫెక్షన్ పోనివాళ్లు ఆరు వారాల్లో 18.1 శాతం, పన్నెండులో 9.4. ఇంప్లాంట్ ఉంచి కడిగినవాళ్లలో తేడా ఇంకా ఎక్కువ. రిఫాంపిసిన్ ఒక్కటే ఎప్పుడూ వాడకూడదు, క్రిమి చూస్తుండగానే దానికి అలవాటు పడిపోతుంది.

మోకాలి లెక్క
నిన్న సర్జన్‌గారిని కలిశాం. రక్తం కల్చర్‌లో ఏమీ రాలేదు. ఎక్స్-రేలో ఎముక బాగానే ఉంది. సీఆర్పీ 186 నుంచి 9కి దిగింది. ఆ 14 కోర్సు మొత్తం కాదట! మళ్లీ చూపించుకునేదాకా సరిపడా రాసిన మాత్రలట. రెండోసారి కడిగిన రోజు నుంచి నాలుగు వారాలు, ఆఖరి తేదీ చీటీ మీద రాయించుకున్నాను. ఆరు వారాలన్న డాక్టర్‌కి రిపోర్టులన్నీ పంపితే, ఎముకలో లేదంటే నాలుగుకి నాకూ అభ్యంతరం లేదన్నారు. మేం ఆయనకి ఎక్స్-రే చూపించనేలేదు మరి.

ఇప్పుడు ఇంకో బాధ. మోకాలు సగానికి మించి మడవడం లేదు. ఒంటికాలి పరుగు గారూ, మీకెన్నాళ్లు పట్టింది?

ఒంటికాలి పరుగు
మందు నాలుగు వారాలు, మడత నాలుగు నెలలు. ఫిజియో ఈరోజే మొదలుపెట్టించండి.